హోటల్ నుంచి తెచ్చినమన్నాను

ఈ సాయంత్రం కోడిముక్కలకు పెరుగు, మసాలా పట్టిస్తుంటే ఆ వాసనకు చంద్రపూర్‌లోని మా బొగ్గుగని క్వార్టర్ గుర్తొచ్చింది. నేను నాలుగో తరగతిలో ఉండగా, నాతో చదివే ఇంజనీరుగారి అమ్మాయి స్నేహ మా ఇంటికి భోజనానికి వచ్చింది. అమ్మ పొద్దున్నే చికెన్ నానబెట్టింది. స్నేహ టిఫిన్‌లో నేను రుచిచూసిన తియ్యటి బీన్స్ గింజల కూర ఎలా ఉంటుందో నన్నడిగి, టమాటా, బెల్లం వేసి కుంపటి మీద మగ్గబెట్టింది.

“ఎవరు చేశారు? చాలా బాగున్నాయి” అంది స్నేహ బీన్స్ తింటూ.

హోటల్ తిండే గొప్పదనుకునే వయసు నాది. “హోటల్ నుంచి తెచ్చినం” అన్నాను.

రొట్టెలు తెస్తున్న అమ్మ గుమ్మంలోనే ఆగింది. “అవును బిడ్డా, హోటల్‌దే. ఇంకింత ఏసుకో” అని నవ్వింది. నవ్విందిగా, ఏమీ అనుకోలేదనుకున్నాను.

ఆ బీన్స్ అమ్మ మళ్లీ వండలేదు. ఎందుకని నేనూ అడగలేదు.