ఈగలకు వండే మనిషి

మా పరిశోధనాలయం కింది అంతస్తులో, చివరి గదిలో, పద్దెనిమిదేళ్లుగా ఒకావిడ ఈగలకు వండుతోంది. వెటకారం కాదు, అదే ఆవిడ ఉద్యోగం. మాగిన అరటిపండు చుట్టూ ముసిరే చిన్న ఈగలుంటాయే, అవి. పై అంతస్తులో వాటి జ్ఞాపకశక్తి మీద పరిశోధన చేస్తారు. వాటికి తిండి కావాలి. మొక్కజొన్న పిండి, పంచదార, ఈస్టు, చల్లారాక గట్టిపడటానికి సముద్రపు నాచు నుంచి తీసే జెల్లీ పొడి, చివర్లో బూజు పట్టకుండా నాలుగు చుక్కల పులుపు మందు. పెద్ద గిన్నెలో ఉడికించి, వేలెడు గాజు గొట్టాల్లో అడుగున అంగుళం మేర పోసి, దూది బిరడా పెట్టి పైకి పంపాలి. వారానికి మూడు వేల గొట్టాలు.

ఎదురుగా అందరూ వంటావిడ అనేవాళ్లు. వెనకాల ‘ఘాటు’ అనేవాళ్లు. పులుపు మందు వాసన ఒక్కటే అందుకు కారణం కాదు. పిండి ఉడుకుతున్నప్పుడు గుమ్మంలో నిలబడి ఎవరైనా కబుర్లు మొదలుపెడితే గరిటె అలాగే చేత్తో పట్టుకుని ఇటు తిరిగేది.

“మాటలు కావాలంటే పైకెళ్లండి. అక్కడ అదే పని.”

పక్క గదిలో పరికరాలు బాగుచేసేవాణ్ణి నేను. ఇన్నేళ్లలో ఆవిడ నన్ను మెచ్చుకున్నది ఒక్కసారే. పొయ్యి మంట సరిచేసి ఇస్తే “ఊఁ” అంది. అయినా ఆవిడ పని చూడటం నాకు ఇష్టం. గిన్నె దించేముందు గరిటె నింపి తిరగేసేది. పిండి జారకూడదు, ముద్దగా రాలకూడదు, పెదవి వేలాడేసినట్టు నెమ్మదిగా సాగాలి. మందు చుక్కలు కలపకముందు ప్రతి గిన్నెనూ నాలుక మీద వేసుకుని చూసేది. ఈగల తిండిని రుచి చూసే మనిషి మరొకరు ఎక్కడైనా ఉన్నారేమో నాకు తెలియదు.

పోయిన ఏడాది వానలు మొదలైనప్పుడు పైనుంచి గొడవ దిగింది.

పైన ఒక కుర్ర పరిశోధకుడు ఉండేవాడు. మెడలో ఎప్పుడూ స్టాప్‌వాచీ వేలాడుతుండేది, అందుకని అతని పేరే స్టాప్‌వాచీ అయిపోయింది. అతను ఈగలకు ఒక వాసన చూపిస్తూ చిన్న షాక్ ఇచ్చేవాడు. తర్వాత ఇంకో వాసన, షాక్ లేకుండా. పావుగంట విరామంతో ఇలా ఐదుసార్లు. మర్నాడు వాటిని రెండు దారుల మధ్య వదిలి, ఒక దారిలోంచి ఒక వాసన, రెండో దారిలోంచి రెండోది పంపేవాడు. గుర్తున్న ఈగ షాక్ వాసన వైపు పోదు. ఆ గొట్టాలకు రాగి తీగ చుట్టింది నేనే కాబట్టి ఇంతవరకు నాకు తెలుసు.

పాఠం చెప్పిన గంటకు చూస్తే వాటికి చక్కగా గుర్తుండేది. మర్నాటికి ఏమీ లేదు. మూడు నెలలు అదే వరస. చివరికి ఒక సోమవారం నేను వంటగదిలో ఉన్నప్పుడే పై అంతస్తు పరిశోధన నడిపే పెద్దసారు, వెనకాల స్టాప్‌వాచీ, అక్కడికి వచ్చారు.

“తిండిలోనే ఏదో తేడా ఉంది సార్,” అన్నాడు స్టాప్‌వాచీ. “ఆంటీ, ఈమధ్య ఈస్టు ఏమైనా మార్చారా?”

“ఆంటీ ఏంటి, నేను మీ అమ్మ చెల్లెల్నా?”

“అడిగినదానికి చెప్పండి.”

“మార్చలేదు. నా తిండి తింటే మర్చిపోతారా? అయితే మీకు ఎవరు పెడుతున్నారు బాబూ? పోయిన వారం తీసుకెళ్లిన నా గరాటు ఇంకా తేలేదు.”

నవ్వు ఆపుకోవడానికి నేను గోడవైపు తిరిగాను. పెద్దసారు నవ్వలేదు.

“చూడమ్మా, శుక్రవారం దాకా చూస్తాను. అప్పటికీ ఫలితం రాకపోతే కంపెనీ పొడి తెప్పిస్తాం. వేడినీళ్లు పోస్తే చాలు, వంట అక్కర్లేదు.”

“వంట అక్కర్లేకపోతే నేను?”

“అది ఆఫీసు వాళ్లు చూసుకుంటారు.”

ఆవిడకు యాభై రెండేళ్లు. చేతికి వచ్చిన పని ప్రపంచంలో ఇదొక్కటే, ఇది ఇంకెక్కడా ఉండదు. ఆఫీసు వాళ్లు ఏం చూసుకుంటారో గదిలో ఉన్న నలుగురికీ తెలుసు.

స్టోరు చూసేది ఆవిడ ఆడబిడ్డే. సంస్థ వ్యాను నడిపేది వంటావిడ వాళ్లాయన. ముగ్గురికీ ఒకే క్యారేజీ, మూడు గిన్నెలు, మధ్యాహ్నం స్టోరు వెనక బల్ల మీద తినేవాళ్లు. స్విచ్చి బాగుచేస్తూ ఆ రోజు నేనూ అక్కడే ఉన్నాను.

“ఏం వదినా, నీ వంట బాగాలేదని ఈగలు కూడా ఫిర్యాదు చేశాయటగా?” అంది ఆడబిడ్డ ముద్ద కలుపుతూ.

“పాతికేళ్లుగా తింటున్నాను, నాకు అన్నీ గుర్తున్నాయే,” అన్నాడు వాళ్లాయన.

“అదే నీ ఖర్మ అన్నయ్యా.”

“నీ గిన్నెలో ఉన్నదీ ఈ చేత్తో వండిందే,” అంది వంటావిడ. “వద్దనుకుంటే ఇటు తోసెయ్.”

ఆడబిడ్డ తోసెయ్యలేదు. రెండోసారి వడ్డించుకుంది కూడా.

మంగళవారం పొద్దున్న వాడేసిన గొట్టాలు కడగడానికి కిందికి వచ్చాయి. మామూలుగా స్టాప్‌వాచీ తన గొట్టాలు తనే కడుక్కునేవాడు. శుక్రవారం తరుముకొస్తోందని కాబోలు, ఈసారి అతని ట్రే కూడా మిగతావాటితో కలిసి వచ్చింది. వంటావిడ ఒక గొట్టం తీసి వెలుతురుకు పట్టింది. అలా చాలాసేపు చూసి, నా గదికి వచ్చింది.

“మేస్త్రీ, ఇది చూడు.”

చూశాను. శుభ్రంగా ఉంది. అదే చెప్పాను.

“అదే కదా రోగం. తిన్న ఈగ గోడ పాడుచెయ్యకుండా ఉంటుందా? నా గొట్టాలు చూడు, గాజు నిండా గోధుమరంగు చుక్కలు. ఇందులో ఈగలు రాత్రంతా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు.”

అడుగున ఉన్నది ఆవిడ పసుపుపచ్చ ముద్ద కాదు. అద్దంలా ఉన్న జెల్లీ. గోటితో గీకి నాలుక మీద వేసుకుంది.

“నీళ్లు,” అంది. “పంచదార లేదు, పిండి లేదు. వట్టి నీళ్లు గడ్డకట్టించి పెట్టాడు.”

జెల్లీ పొడి స్టోరులో తప్ప దొరకదు. నేరుగా అక్కడికే నడిచింది. వెనకే నేనూ వెళ్లాను.

“అడిగాడు, ఇచ్చాను,” అంది ఆడబిడ్డ తల ఎత్తకుండా. “చీటీ రాసిచ్చాడు.”

“ఎన్నాళ్ల నుంచి?”

“మూడు నెలలవుతుందేమో.”

“మూడు నెలలుగా వాడు వేరే వండుకుంటున్నాడని తెలిసి, నిన్న నా తిండి తింటూ నన్నే చూసి నవ్వావా?”

“నాకు పొడి తెలుసు వదినా, ఈగల సంగతి నాకేం తెలుసు? ఏది ఎందుకని అడగడం స్టోరు మనిషి పని కాదు.”

“నేను అడుగుతున్నది స్టోరు మనిషిని కాదు.”

ఆడబిడ్డ రిజిస్టరు పేజీ తిప్పింది. అందులో చూడాల్సింది ఏమీ లేదు.

మరొకరైతే అప్పుడే పైకి పరిగెత్తి అరిచేవాళ్లు. ఆవిడ అరవలేదు. పైన మాటకు మాట వాళ్లదే గెలుపని తెలుసు. బుధవారం గిన్నెలో తినే నీలం రంగు కలిపి ఉడికించి, ఎప్పట్లాగే గొట్టాలు నింపి పంపింది. గురువారం పొద్దున్న నా దగ్గర భూతద్దం అడిగి తీసుకుని, పెద్దసారు వచ్చే వేళకు పైకి వెళ్లింది, నేనూ వెంట నడిచాను. స్టాప్‌వాచీ ఈగలను షాక్ గొట్టంలోకి దులపబోతున్నాడు.

“ఆగండి బాబూ. కరెంటు పెట్టేముందు వాటి పొట్టలు చూడండి.”

“సార్, ఇప్పుడు ఇదేంటి?”

“మీరే చూడండి సార్. ముందు అరలో, నా తిండి తిన్నవి.”

పెద్దసారు భూతద్దం పెట్టారు. అరలోని ఈగల పొట్టలు సిరా నింపినట్టు నీలంగా ఉన్నాయి. తర్వాత స్టాప్‌వాచీ చేతిలోని గొట్టం చూశారు. ఆ పొట్టల్లో నీలం లేదు, మరే రంగూ లేదు.

“ఇవేం తిన్నాయి?”

స్టాప్‌వాచీ మెడలోని వాచీ పట్టుకున్నాడు. “ముందు రోజు రాత్రీ, పాఠం అయిన రాత్రీ జెల్లీ మీద ఉంచుతాను సార్. ఈ తిండికి రెక్కలు అతుక్కుని చస్తున్నాయి, సంఖ్య తప్పుతోంది. నీళ్లయితే అందుతాయి. ఒకటి రెండు రాత్రులు తినకపోతే చావవు కదా.”

“చావవు,” అంది వంటావిడ. “పస్తు పడుకోబెట్టి పొద్దున్నే పాఠం అప్పజెప్పమంటే మీరు అప్పజెబుతారా?”

పెద్దసారు భూతద్దం బల్ల మీద పెట్టారు. తర్వాత ఆయన స్టాప్‌వాచీకి చెప్పింది నేనూ విన్నాను. గంటసేపు గుర్తుండటానికి మెదడు కణానికి పెద్ద ఖర్చు లేదట. మర్నాటిదాకా నిలవాలంటే కణం లోపల కొత్త సరుకు కట్టుకోవాలి. దానికి ఇంధనం కావాలి. చక్కెరను విరిచి ఆ ఇంధనాన్ని పక్కనున్న సహాయ కణాలు అందిస్తాయి. ఒంట్లో తిండి తగ్గితే మెదడు ముందుగా ఆపేసేది ఈ ఖరీదైన పనినే. నాకు అది మా వర్క్‌షాపులా అర్థమైంది. వోల్టేజి పడిపోతే బల్బు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, వెల్డింగు మాత్రం అతకదు. దీపం వెలుగుతోంది కదా అని మూడు నెలలు ఎవరూ వైరు చూడలేదు.

“సగం ఆ నీలం పొట్టలవి, సగం ఈయనవి. రాత్రికీ వాటికి నా తిండే, వీటికి జెల్లీయే. ఇవాళే పాఠం చెప్పండి,” అంది వంటావిడ. “రేపు శుక్రవారమే కదా.”

శుక్రవారం దారుల మధ్య తలుపు ఇరుక్కుంటే తియ్యడానికి నన్నూ పిలిచారు. తలుపు ఇరుక్కోలేదు. కడుపు నిండినవి షాక్ వాసన సోకగానే రెండో దారి పట్టాయి. వందలో ఓ ఇరవై మాత్రం తప్పు దారికి పోయాయేమో. పస్తున్నవి అటు సగం, ఇటు సగం, నిన్న అసలేమీ జరగనట్టు. వంటావిడ చేతులు కట్టుకుని తలుపు దగ్గరే నిలబడి చూసింది.

“మంచి ఫలితం,” అన్నారు పెద్దసారు, స్టాప్‌వాచీ వైపు చూసి. ఆవిడ వైపు చూసి, “కంపెనీ పొడి వద్దని చెప్పేస్తాను,” అన్నారు. తప్పయిందన్న మాట ఎవరి నోటా రాలేదు. ఆవిడా దాని కోసం ఆగలేదు. పొయ్యి మీద గిన్నె ఉంది.

ఆ మధ్యాహ్నం నుంచి క్యారేజీలో రెండు గిన్నెలే వస్తున్నాయి. ఆడబిడ్డ బయట కొనుక్కుని తింటోంది. మధ్యలో పడి నలిగేది వాళ్లాయనే. వ్యానులో కూర్చుని తినేస్తున్నాడు.

సోమవారం స్టాప్‌వాచీ కిందికి వచ్చాడు. ఇప్పుడు అతను రాయబోయేది ఆకలికీ జ్ఞాపకానికీ ఉన్న సంబంధం గురించే. అందుకు వట్టి జెల్లీ గొట్టాలు రెండు వందలు కావాలి. గుమ్మం బయటే ఆగాడు.

“వండి ఇస్తాను,” అందావిడ. “వంటావిడ పెట్టింది తిని మర్చిపోయాయని రేపు మళ్లీ ఎవరూ అనకూడదు. ఒక్కో గొట్టం మీద మీ చేత్తో రాయండి, ఇందులో తిండి లేదని.”

“రెండు వందల మీదా?”

“ట్రే మీద ఒక్కటి రాస్తే చాలంటారా? తేడా ఎక్కడుందో తెలుసుకోవడానికి మూడు నెలలు చాల్లేదు మీకు.”

పెన్ను ఆవిడే ఇచ్చింది. కుర్చీ మాత్రం ఇవ్వలేదు. అతను బల్ల పక్కన నిలబడి రాయడం మొదలుపెట్టాడు. యాభై దాటాక అక్షరాలు వంకర పోయాయి. ఆవిడ ఒక గొట్టం ఎత్తి వెలుతురుకు పట్టి చూసి, అతని ముందు పెట్టింది.

“ఇది చదవడానికి రావట్లేదు. మళ్లీ రాయండి.”