నక్క గెలిచిన ఆట

మొన్న శ్రావణ మాసంలో హిందూపురంలో మా బావ కొత్త ఇంటికి గృహప్రవేశం చేసుకున్నాడు. బావ అంటే మా మేనత్త కొడుకు, నాకంటే రెండేళ్ళు పెద్ద. ధర్మవరం నుంచి పొద్దున్నే రైలెక్కి వెళ్ళి, టిఫిను చేసి, హోమం పొగకు దూరంగా ఓ కుర్చీ చూసుకుని కూర్చున్నానో లేదో, పాత ఇంటి అటక మీద నుంచి దించిన సామాన్లలో ఏదో దొరికిందని పిల్లలు గోల మొదలుపెట్టారు. చూస్తే అరచేతిలో పట్టేంత వీడియో గేమ్. మధ్యలో అగ్గిపెట్టె అంత అద్దం, దానికి ఎడమ పక్క ఒక బొత్తాం, కుడి పక్క ఒక బొత్తాం. బావ కొడుకు వాచీల అంగడికి పోయి చిన్న సెల్లులు తెచ్చి వేస్తే, ఇన్నేళ్ళ తర్వాత కూడా అది కిచకిచమని కూసింది. హోమం మధ్యలో కాసేపు లేచి వచ్చిన బావ, మనవళ్ళందరినీ చుట్టూ కూర్చోబెట్టుకుని, నా వైపు ఓరగా చూస్తూ, “ఈ ఆటలో మీ ధర్మవరం అవ్వ నన్ను ఒక్కసారి గూడా గెల్చలా, తెలుసునా?” అన్నాడు. పుండు మీద కారం చల్లినట్టయింది నాకు.

పాముకు పన్నెండేళ్ళ పగ అంటారు. ఈ విషయంలో నేను పామును ఎప్పుడో దాటిపోయాను.

నా ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, మన చిన్నప్పుడు అలాంటి వస్తువు ఊరికి ఒక ఇంట్లో ఉంటే గొప్ప. మా మామకు, అంటే బావ నాయనకు, హిందూపురంలో చింతపండు వ్యాపారం. సరుకు పని మీద బెంగళూరు వెళ్ళినప్పుడు కొడుకు కోసం దాన్ని తెచ్చాడు. వాలీబాల్ ఆట అది. నెట్టుకు ఎడమ వైపు టోపీ పెట్టుకున్న కోడిపుంజు, కుడి వైపు నిక్కరు వేసుకున్న నక్క. అట్టపెట్టె మీద రెండూ రంగురంగులుగా ఒకదాన్నొకటి కొరికేసేటట్టు చూసుకుంటూ ఉంటాయి గానీ, అద్దంలో మాత్రం రెండూ నల్లటి నీడలే. బంతి టిక్కు టిక్కుమంటూ వస్తుంది, సరిగ్గా వచ్చిన క్షణాన బొత్తాం నొక్కాలి. ఆట ముగిశాక గెలిచిన జంతువు గంతులేస్తూ ఉంటుంది, ఎవరైనా మళ్ళీ బొత్తాం నొక్కేదాకా దాని గంతులు ఆగవు. ఈ కథలో ఆ గంతులే ముఖ్యం, అందుకే ఇంత వివరంగా చెబుతున్నాను. ఇద్దరు ఆడాలంటే ఇద్దరూ ఒకే పెట్టెను చెరొక వైపు పట్టుకుని, భుజానికి భుజం ఆనించి కూర్చోవాలి. అంటే మన శత్రువు తలకు రాసుకున్న నూనె వాసన కూడా మనకు తెలుస్తూ ఉంటుందన్నమాట.

మా అవ్వ ఇల్లు పెనుకొండలో, కొండ కిందనే. ధర్మవరం నుంచి మేమూ, హిందూపురం నుంచి అత్త వాళ్ళూ ఎండాకాలం సెలవులకు అక్కడ కలిసేవాళ్ళం. ఎండలో ఆ అద్దం మీద ఏమీ కనబడదు గనుక, ఇంటి ముందర ఎత్తుగా కట్టిన జగిలి మీద నీడపట్టున చేరేవాళ్ళం. బావ ఎప్పుడూ ఎడమ వైపే కూర్చునేవాడు. కోడిపుంజు వాడిది, నక్క నాది. ఇది వాడు చేసిన శాసనం. సరిగ్గా నేను బొత్తాం నొక్కబోయే సమయానికి మోచేత్తో ఒక పోటు పొడిచేవాడు. అది కూడా శాసనంలో భాగమే.

పోటు సంగతి నేను చూసుకునేదాన్నే. అసలు అడ్డు మా అమ్మ. మన ఇళ్ళలో ఒక నమ్మకం ఉంది కదా, ఇంటి ఆడబిడ్డ కంటనీరు పుట్టింటికి మంచిది కాదని. మా అమ్మ దాన్ని ఇంకాస్త సాగదీసి ఆడబిడ్డ కొడుకు కంటనీటికి కూడా వర్తింపజేసింది. అత్త వచ్చిందంటే అమ్మకు కాళ్ళు నేల మీద నిలిచేవి కావు. కాఫీలో చక్కెర చాలిందా, అన్నం మెత్తబడిందా, మాటలో ఏమన్నా తేడా వచ్చిందా అని ఒకటే బెంగ. పెనుకొండలో రైలు దిగకముందే నా చెవిలో, “ఏమ్మే, అత్త కొడుకుతో సూసి ఆడు, వాని మనసు నొప్పియ్యాకు” అని చెప్పేది. చూసి ఆడడమంటే చూసి ఓడిపోవడం. ఆ విధంగా ఒక వేసవి అంతా చూసి ఓడిపోయాను. నా నక్క నెట్టు కింద వెల్లకిలా పడి తల చుట్టూ చుక్కలు తిరుగుతూ ఉంటే, కోడిపుంజు గంతులేసేది, దాని పక్కన మా బావ గంతులేసేవాడు. ఇంటికి వచ్చేటప్పుడు రైల్లోనే నిర్ణయించుకున్నాను, వచ్చే ఏడాది ఎవరు ఏడ్చినా సరే, గెలవాలని.

మా ఇంట్లో ఆ గేము లేదు. నాయనది పట్టుచీరల అంగడి, ఆయన్ను అలాంటివి అడిగే ధైర్యమూ లేదు. కానీ మా వీధిలో ఇంటింటా మగ్గం ఉండేది. దారం మోసే నాడె ఒక వైపు నుంచి ఇంకో వైపుకు పరుగెత్తే చప్పుడు, ఆ వెంటనే దారాన్ని దగ్గరకు కొట్టే దెబ్బ. ఒకరోజు జ్వరం వచ్చి ఇంట్లో పడుకుని వింటూ ఉంటే తట్టింది, బంతి రావడమూ ఇంతే కదా, పరుగు, దెబ్బ, పరుగు, దెబ్బ. అప్పటి నుంచి జామెట్రీ బాక్సు మూత మీద బొటనవేలితో మగ్గం దెబ్బకు సరిగ్గా నొక్కడం నా చదువైపోయింది. ఎక్కాలు చెప్పమంటే తడబడేదాన్ని గానీ, పక్కింటి మగ్గం ఒక్క దెబ్బ తప్పితే నాకు తెలిసిపోయేది. బడిలో, అంగట్లో, అన్నం ముందర కూడా నా బొటనవేలు ఊరుకునేది కాదు. పిల్లకు ఏదో గాలి సోకిందని అమ్మ తాయెత్తు కట్టించింది. ఆ గాలి పేరు మా బావ అని ఆమెకేం తెలుసు.

మళ్ళీ ఎండాకాలం వచ్చింది. జగిలికి అవతల వాకిట్లో అత్త తెచ్చిన చింతపండు కుప్ప పోసుకుని అవ్వ, అత్త, అమ్మ గింజలు తీస్తున్నారు. నాయన ధర్మవరంలోనే అంగట్లో ఉన్నాడు. బావ ఎడమ వైపు కూర్చున్నాడు, మోచేయి సిద్ధం చేసుకున్నాడు. నేను కళ్ళు సగం మూసుకుని మా పక్కింటి మగ్గాన్ని తలుచుకున్నాను. మోచేతి పోటు పడుతూనే ఉంది, నా వేలు మాత్రం తప్పలేదు. ఆఖరి బంతికి కోడిపుంజు నెట్టు కింద వెల్లకిలా పడింది, నా నక్క లేచి గంతులేయడం మొదలుపెట్టింది. నా జన్మలో అంత అందమైన నీడను నేను మళ్ళీ చూడలేదు. “గెల్చినా! నేను గెల్చినా!” అని వీధి దద్దరిల్లేలా అరిచాను.

బావ ఏడ్చాడు. మూతి మీద నూనూగు మీసం మొదలైన పిల్లగాడు, నోరు తెరిచి, ముక్కు కారుతూ ఏడ్చాడు. అత్త చేతిలో చింతపండు విసిరేసి లేచి వచ్చి, “నా పుట్టింట్లోనే నా బిడ్డను ఏడిపిస్తాండారు, ఈ సాయంత్రం రైలుకే పోతాండా” అంది. అమ్మ మొహంలో రక్తం లేదు. పరుగున వచ్చి, చింతపండు జిగురుతోనే ఆ పెట్టె లాక్కుని, బొత్తాం నొక్కేసింది. నక్క మాయమైపోయింది. ఇంకో చేత్తో నాకు తొడపాశం పెట్టి, అందరికీ వినబడేట్టు ఎవరు ఓడిపోయారో చెప్పమంది. ఆ తొడపాశం తిప్పుతూనే ఉంది. “నేనే ఓడిపోయినా” అన్నాను. అత్త నిలబడింది, రైలెక్కలేదు. బావ ముక్కు తుడుచుకుని, నా మొహంలోకి సూటిగా చూసి, “సూసినారా, నేను చెప్పలా” అన్నాడు. అమ్మ భయంతో అబద్ధమాడించింది, అది నాకు అప్పుడే అర్థమైంది. వాడికి నిజం తెలుసు. తెలిసి ఆ మాటన్నాడు చూడండి, దాన్ని నేను క్షమించలేదు.

అంతటితో పోయిందా? ఆ రోజు నుంచి నాకు నక్కమ్మ అని పేరు పెట్టాడు. పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో, చివరికి నా పెళ్ళి పందిట్లో కూడా నన్ను నక్కమ్మ అనే పిలిచారు. మా ఆయనకు నా అసలు పేరు కంటే ముందు ఈ పేరే తెలిసింది.

అంతకు ముందు పెద్దవాళ్ళు మేనరికం మాట ఎత్తినప్పుడు నేను ససేమిరా అన్నాను. కారణం అడిగితే చెప్పలేదు. ఒక్క ఆటకే అంత గొడవైతే, వాణ్ణి చేసుకున్నాక రోజూ చూసి ఓడిపోవాలి కదా అని నా భయం. అత్త మూతి ముడుచుకుంది, అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు, నాయన మాత్రం దానికి ఇష్టం లేనప్పుడు వద్దులే అన్నాడు. ఆ తర్వాత బావ పెళ్ళి హిందూపురంలోనే జరిగింది. మరదలి హోదాలో పంక్తిలో వడ్డించడానికి నేనే ముందుకురికి, వాడి ఒక్కడి కోసం పూర్ణంలో మంచి ఘాటైన మిరపపొడి కలిపించిన ఓళిగ, అదే బొబ్బట్టు, తీసుకెళ్ళి ఆకులో వేశాను. నిలబడి చూశాను. వాడు కళ్ళనిండా నీళ్ళతో దాన్నంతా తిని, చెంబెడు నీళ్ళు తాగి, “ఇంగొకటి వెయ్యి” అన్నాడు. అంత కష్టపడి తీర్చుకున్న పగ అలా ఆకులో పప్పయిపోయింది.

కాబట్టి మొన్న ఆ పిల్లల ముందర వాడు ఆ మాట అనేసరికి, పట్టుచీర నలిగితే నలిగిందని లేచి వెళ్ళి వాడి కుడి పక్కన కూర్చున్నాను. ఏ జంతువు కావాలని బావ మనవరాలు అడిగితే నక్కే కావాలన్నాను. ఇద్దరమూ వెడల్పయ్యాం, పెట్టె మాత్రం అంతే ఉంది. ఇద్దరమూ కళ్ళద్దాలు సర్దుకున్నాం. హోమం పక్కన పొద్దుటి నుంచి కూర్చున్నందుకు బావ కళ్ళు ఎర్రగా, నీళ్ళు కారుతూ ఉన్నాయి. ఎదురుగా మా అత్త, ముసలితనంతో ముడుచుకుపోయి, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని ఉంది.

మొదట్లో నాకు బంతి కనబడనే లేదు. కోడిపుంజు ముందుకు పోయింది, పిల్లలు చప్పట్లు కొట్టారు. మా వీధిలో ఇప్పుడు చేతిమగ్గం చప్పుడు లేదు, అన్నీ మరమగ్గాలు, వాటిది ఒకటే రొద. ఆ పాత దెబ్బ నాకు గుర్తుందా అని నాకే అనుమానం. కళ్ళు మూసుకున్నాను. వేలికి గుర్తుంది. పరుగు, దెబ్బ, పరుగు, దెబ్బ. బావ మోచేత్తో పొడిచాడు, యాభై దాటినా ఆ బుద్ధి పోలేదు. ఈసారి నేనూ పొడిచాను. మనవరాలి అరుపుకు కళ్ళు తెరిచేసరికి కోడిపుంజు వెల్లకిలా పడి ఉంది, నక్క గంతులేస్తోంది.

బావ కళ్ళు ధారగా కారుతున్నాయి. పొగ అన్నాడు. నేను మాత్రం ఏడుపనే అనుకుంటున్నాను, ఎవరేమన్నా సరే. అది చూసి అత్త కుర్చీలోంచి ముందుకు వంగి, “ఏమే, వాణ్ణి మల్లా ఏడిపిస్తాండావా? మీయమ్మ యాడ?” అంది. అమ్మ పోయి ఏళ్ళయింది, ఆ సంగతి అత్తకు ఒక్కోసారి గుర్తుండదు. నా తొడ దానంతట అదే బిగుసుకుంది. పక్కకు తిరిగి చూశాను. అక్కడ పూలకుండీ తప్ప ఎవరూ లేరు.

“నేను గెల్చినా అత్తా!” అని అరిచాను. హోమం దగ్గర అయ్యవారు కూడా మంత్రం ఆపి చూశాడు.

“గట్టిగా అరసాకే, నాకు ఇనబడతాండాది” అంది అత్త. “ఆ పొద్దు గూడా నువ్వే గెల్చినావు. ఆ నక్క ఎగిరేది నేను సూడలేదనుకున్న్యావా? మా వదినె బొత్తాం నొక్కింది గూడా సూసినా. నేను అలిగి పోతానని కన్నబిడ్డను ఓడించింది మహాతల్లి. ఆ మొగం సూసి రైలెక్కబుద్ధి గాలా నాకు.”

బావ తల వంచుకుని, “ఓళిగతోనే చెల్లుకు చెల్లనుకున్న్యానే” అని గొణిగాడు. అది వేరే, ఇది వేరే అన్నాను. ఒళ్ళు మండుతూనే ఉంది. అందరికీ తెలుసట. నేను గెలిచానని ఆ జగిలి దగ్గర ఉన్న అందరికీ తెలుసట, బెదిరిపోయి బొత్తాం నొక్కిన మా అమ్మ ఒక్కతే అందరినీ నమ్మించాననుకుని ప్రశాంతంగా వెళ్ళిపోయింది.

ఆ పెట్టెను ఎవరినీ అడగకుండా నా సంచిలో వేసుకుని సాయంత్రం రైలెక్కాను. కావాలంటే బావనే ధర్మవరం వచ్చి అడగనీ, అప్పుడు కూడా ఇవ్వను. ఎదుటి సీట్లో ఇద్దరు పిల్లలు చెరొక ఫోను పట్టుకుని ఏదో బంతాట ఆడుతున్నారు. ఎవరితో ఆడుతున్నారు బాబూ అంటే, ఎవరో తెలీదు అవ్వా అన్నారు. ఓడితే వెంటనే ఇంకొకరెవరో వస్తారట. పాపం, వీళ్ళకు మోచేతి పోటు తెలియదు, పగ పట్టాలన్నా ఎవరి మీద పట్టాలో తెలియదు. ఒక మనిషి మీద ఇన్నేళ్ళు కోపం నిలుపుకోవాలంటే ఆ మనిషి మన భుజానికి ఆనుకుని కూర్చుని ఉండాలి, వాళ్ళ అమ్మకు మన అమ్మ భయపడుతూ ఉండాలి. అవన్నీ పోయాయి. గెలవాలని అంత ఆరాటపడ్డాను గానీ, గెలిచాక వద్దనేవాళ్ళు ఒక్కరైనా ఉంటే బాగుండునని అనిపిస్తుందని నేను ఏనాడూ అనుకోలేదు.

పెనుకొండలో రైలు ఆగింది. కిటికీలోంచి కొండ కనబడింది. సంచిలోంచి పెట్టె తీసి చూశాను. నక్క ఇంకా గంతులేస్తూనే ఉంది. బొత్తాం నొక్కడానికి అమ్మ లేదు.