మొదటి దొప్ప

ఇరవై ఏడేళ్ళుగా ఒక మాట నా గొంతులో ఉండిపోయింది. మింగలేదు, ఉమ్మలేదు. అలాగే పెట్టుకుని తిన్నాను, పడుకున్నాను, కొడుక్కి పెళ్ళి చేశాను, మనవరాలిని ఎత్తుకున్నాను. ఇప్పుడు నీకు చెబుతున్నాను. నువ్వెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్ళ ముందు నేను ఎప్పుడూ గట్టిదాన్నే.

నా పేరు రాయను. మిషను బడిలో రెండేళ్ళు చదివాను. గుణింతాలు వచ్చాయి, ఒత్తులు కొన్ని వచ్చాయి, మిగతావి నేనే కుదుర్చుకున్నాను. మనవరాలు రాసేసిన నోటుబుక్కులో చివర ఖాళీ కాగితాలు మిగిలాయి. వాటి మీద రాస్తున్నాను. కొత్త పుస్తకం కొనడం దండగ. ఈ దండగ అన్న మాటే నన్ను ఇక్కడి దాకా తెచ్చింది. అది తర్వాత చెబుతాను. లేదు, ఇప్పుడే మొదలుపెట్టాలి. తర్వాత అంటే మళ్ళీ దాటేస్తాను. దాటెయ్యడం నాకు బాగా అలవాటు.

నేను కల్లు అమ్మేదాన్ని. మన్యంలో పితూరీ అణిగి, దొరల పోలీసులు కొండ దిగిపోయిన మరుసటేడు సంగతి ఇది. అప్పటికి మా ఆయన మన్యం జ్వరంతో పోయి నాలుగేళ్ళు. ఆయన వదిలిన జీలుగు చెట్లు ఆరు. మా మరిది ఎక్కి గీసేవాడు, నేను డుంబ్రిగుడ సంతలో అమ్మేదాన్ని. నా దగ్గర కల్లు ఒక్కటే కాదు. ఏ కాలానికి ఏది తాగాలో కూడా చెప్పేదాన్ని. చలి ముదిరినప్పుడు పొద్దున్నే దింపిన జీలుగు కల్లు, తియ్యగా, నురగ తగ్గకముందే. ఎండలు వచ్చాక అదే కల్లు సగం పులియనిచ్చి, మధ్యాహ్నం లోపల. ఇప్పపూలు రాలి, ఎండి, వానలు పట్టాక ఇప్పసారా, అదీ రెండు దొప్పలే, కడుపులో అన్నం ఉన్నవాళ్ళకే. చోళ్ళు, అవే రాగులు, కోసిన తర్వాత చోడి కల్లు, ముసలివాళ్ళకీ బాలింతలకీ. తప్పు కాలంలో తప్పు కల్లు అడిగితే పోసేదాన్ని కాదు. "నీకు కావలసింది నాకు తెలుసు, కూకో" అనేదాన్ని. కూర్చునేవాళ్ళు.

సంతకి ముందు రోజు మధ్యాహ్నం మా ఇంటి వెనక బండ మీద ఆడపిల్లలు నలుగురైదుగురు చేరేవారు. చెట్లున్న ఇళ్ళకి కోడళ్ళుగా వెళ్ళేవాళ్ళు. వాళ్ళకి రుచి చూడ్డం నేర్పేదాన్ని. కళ్ళు మూసుకోమనేదాన్ని. అడ్డాకు దొప్పలు మూడు వరసగా ఇచ్చేదాన్ని: పొద్దుటిది, నిన్న సాయంత్రంది, మొన్నటిది. తీపి ఎక్కడ తగిలింది, పులుపు ఎక్కడ లాగింది చెప్పాలి. చెప్పాక ఉమ్మెయ్యాలి. ఇది నా కట్టుబాటు. "నాలిక్కి సూపించండి, గొంతుకి సూపించకండి" అనేదాన్ని. మింగితే మూడో దొప్పకి నాలుక మొద్దుబారిపోతుంది. ఏ పిల్ల మింగినా ఆ గుంటని చేతిమీద కొట్టేదాన్ని.

వాళ్ళందరిలో బుద్రి వేరు.

బుద్రి మా అన్న కూతురు. తల్లీ తండ్రీ ఒకే వానాకాలంలో పోతే ఎనిమిదేళ్ళప్పుడు తెచ్చుకున్నాను. సంగతి జరిగినప్పుడు దానికి పదహారో పదిహేడో. చైత్రంలో ఇటుకల పండగ అయ్యాక పెళ్ళి అనుకున్నాం. అబ్బాయిది పక్క ఊరే. బుద్రి కళ్ళు మూసుకుని ఒక్క చుక్క నాలుక మీద వేసుకుంటే ఏ చెట్టు కల్లో చెప్పేది. గెడ్డ నీటి పక్క చెట్టుదో, రాళ్ళ గట్టు మీదిదో. ఏ సొరకాయ బుర్రలో దింపారో, ఆ బుర్ర కడిగారో లేదో కూడా చెప్పేది. నాకంత నాలుక లేదు. అందుకు దానిమీద నాకు అసూయ ఉండేదా? ఇన్నేళ్ళూ లేదనే చెప్పుకున్నాను. ఈ కాగితం మీద లేదు అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

ఇంకొక ఆచారం ఉంది. అది చెప్పకపోతే నీకు మిగతాది అర్థం కాదు. మా వైపు కల్లు అమ్మేవాళ్ళు ముందు నాలుగు చుక్కలు నేలతల్లికి పోసి, మొదటి దొప్ప అందరూ చూస్తుండగా తాము తాగాలి. పూర్తిగా మింగాలి. ఇందులో మందు లేదు, మాయ లేదు అని నోటితో చెప్పక్కర్లేదు. గొంతు కదిలితే చాలు. ఎన్నో ఏళ్ళు జనం నా గొంతు చూసి తాగారు.

ఆ వారం సంతకి ముందు రోజు నా పెద్ద కుండ పగిలింది. ఇంట్లో ఇంకో కుండ లేదు. ఉన్నది ఇత్తడి బిందె. దానికి లోపల కళాయి పోయి అప్పటికి ఏడాది దాటింది. కళాయి వేసేవాడు రెండుసార్లు మా గుమ్మం ముందు నుంచే వెళ్ళాడు. కుంచెడు చోళ్ళు అడిగాడు. దండగ అన్నాను. అలాంటి బిందెలో పులుపు పోస్తే పచ్చగా కిలుం ఎక్కుతుందని, అది కడుపులోకి పోతే విషమని నాకు తెలియదా? ఏ ఇల్లాలికి తెలియదు? ఒక్క పూటే కదా అనుకున్నాను. ఆరు చెట్ల కల్లు నేలపాలు చెయ్యలేకపోయాను. పోసేశాను. బుద్రి అప్పుడు ఇంట్లో లేదు, అడ్డాకులు కొయ్యడానికి కొండెక్కింది.

పొద్దున్నే నాలుక మీద వేసుకుని చూశాను. ఇత్తడి. నాలుక అంచులు ముడుచుకుపోయాయి. ఉమ్మేశాను.

అక్కడ ఆగి ఉండవచ్చు. నిన్ను అడుగుతున్నాను, అక్కడ ఆగి ఉండవచ్చు కదా? పెరట్లో పారబోస్తే అయిపోయేది. నేను పక్కింటి కుండ అడిగి తెచ్చి, బిందెలోది అందులోకి వంపి, అప్పుడే దింపిన తియ్యకల్లు రెండు బుర్రలు కలిపాను. రుచి కప్పడానికి. కుండ పగలడం పొరపాటు. బిందెలో పొయ్యడం పిసినారితనం. తియ్యకల్లు కలపడం మాత్రం ఏదీ కాదు. అది తెలిసి చేసిన పని.

మొదటి దొప్ప నేను తాగలేనని కూడా అప్పుడే తెలుసు. దారిలో బుద్రితో అన్నాను, "ఇయాల మొదటి దొప్ప నువ్వు తాగు. నేర్సుకున్నావు కదా." అది నడుస్తున్నది నిలబడిపోయింది. ఏళ్ళ తరబడి అమ్మినవాళ్ళు తప్ప ఎవరూ ఆ దొప్ప చేతిలోకి తీసుకోరు. అది ఎంత సంతోషించిందంటే, దారి పక్క గెడ్డలో దిగి ముఖం కడుక్కుని, తల మళ్ళీ దువ్వుకుని వచ్చింది.

సంతలో అది దొప్ప పట్టుకుని నిలబడితే కొండన్న తాత నవ్వాడు. పసుపు అమ్ముకోవడానికి వచ్చే ముసలాయన, నా దగ్గర తాగనిదే సంత దాటేవాడు కాదు. "ఏటే అమ్మీ, ఇయాల దొప్ప గుంట సేతికిచ్చీసినావు? నీ నాలుక అరిగిపోనాదేటి?"

"అరిగితే నీకే సుకం తాతా, తిట్లు తగ్గుతాయి" అన్నాను. అందరూ నవ్వారు.

బుద్రి నేల మీద చుక్కలు పోసింది. దొప్ప ఎత్తింది. నోట్లోకి వెళ్ళగానే దాని ముఖం మారింది. నా వైపు వంగి, మూసిన పెదాల మధ్య నుంచి గొణిగింది. "అత్తా, ఇత్తడి."

"మింగు" అన్నాను. నవ్వుతూనే అన్నాను.

అది తల ఎత్తి గొంతు కదిపింది. అప్పటికే జనం దొప్పలు చాపారు. అది ఆకుల కట్ట కోసమన్నట్టు వెనక్కి తిరిగి చెట్టు చాటున ఉమ్మింది. నేను చూశాను. నోరెత్తకుండా ఉమ్మింది, బుద్ధిమంతురాలు అనుకున్నాను. కొండన్న తాతకి నా చేత్తోనే నాలుగు దొప్పలు పోశాను.

మధ్యాహ్నానికి ఇద్దరికి వాంతులు. సాయంత్రానికి తొమ్మిది మందికి. ఎనిమిది మంది లేచారు. కొండన్న తాత మూడో రోజు పోయాడు. ఆయనకి అప్పటికే జ్వరం వచ్చి తగ్గుతోంది, ఒంట్లో ఏమీ లేదు. జ్వరమే తీసుకుపోయిందేమో. ఇలా అనుకుని ఎన్నోసార్లు బయటపడాలని చూశాను. నా నాలుక ఒప్పుకోదు. ఆ రుచి దానికి తెలుసు.

నాలుగో రోజు పొద్దున్న పెద్దలు కూర్చున్నారు. సంతలో నా పక్కన చింతపండు అమ్మే ఆవిడ చెప్పింది, బుద్రి మొదటి దొప్ప మింగలేదు, చెట్టు చాటున ఉమ్మింది, కళ్ళారా చూశాను అని. దాంతో అయిపోయింది. మొదటి దొప్ప ఉమ్మినవాళ్ళకి అందులో ఏముందో తెలుసు. తెలిసిందంటే వాళ్ళే పెట్టారు. అందరూ తాగితే అందరికీ వాంతులు, దానికి మాత్రం లేవు. ఎందుకు పెట్టిందని ఎవరూ అడగలేదు. చిల్లంగి, చేతబడి అన్నాక కారణం అడగరు.

బుద్రి ఒకే మాట చెప్పింది. "మందు కాదు బాబూ. ఇత్తడి రుసి వచ్చినాది." అంతమంది తాగాం, మాకెవరికీ ఇత్తడి రుచి తెలియలేదే అన్నారు. ఊరి పెద్ద నా వైపు తిరిగాడు. కల్లు ఇత్తడిలో పోశావా అని అడిగాడు.

"కుండలోనే ఉంది" అన్నాను. సంతకి తెచ్చింది కుండలోనే కదా.

మరి నువ్వెందుకు తాగలేదు అన్నాడు. గుంటకి నేర్పుతున్నాను, అందుకే దానికిచ్చాను అన్నాను.

అప్పుడు బుద్రి నా ముందుకి వచ్చి నిలబడింది. ఏడవలేదు. ఏదో చిన్న సంగతి నేను మరిచిపోయానని, గుర్తు చేస్తే చాలని దాని నమ్మకం.

"అత్తా, ఉమ్మమని నువ్వే కదా నేర్పినావు. బాగునేనిది మింగొద్దన్నావు. సెప్పత్తా, ఈళ్ళకి తెల్దు."

నేను దాని ముఖం చూడలేదు, ఊరి పెద్ద ముఖం చూశాను. "నాను రుసి సూడ్డం నేర్పినాను గానీ, మొదటి దొప్ప ఉమ్మమని ఏ గుంటకీ నేర్పనేదు" అన్నాను.

చూడు, ఇందులో ఒక్క ముక్క అబద్ధం లేదు. అదే నన్ను ఇన్నేళ్ళు తొలిచింది. అబద్ధమైతే ఎప్పుడో ఒకప్పుడు అబద్ధమాడానని ఏడ్చి ఉండేదాన్నేమో. నేను నిజాన్నే తెచ్చి ఆ పిల్ల మెడకి కట్టాను. ఎందుకు? భయమేసింది. మొగుడు లేని ఆడది, చేతిలో కల్లు కుండ, ఒక చావు. చిల్లంగి అన్న మాట నా మీద పడడానికి ఎంతసేపు? నాకు ఆరేళ్ళ కొడుకున్నాడు. దానికి ఎవరూ లేరు. ఎవరూ లేరు కాబట్టి అది వెళ్ళిపోతే అడిగేవాళ్ళుండరు అని కూడా ఆ క్షణంలోనే అనుకున్నాను. ఇది ఇప్పటిదాకా నాలో నేను కూడా చెప్పుకోలేదు.

ముఠా, అంటే మా చుట్టుపక్కల ఊళ్ళన్నీ, దాటి పొమ్మన్నారు. పెళ్ళివారు మాట వెనక్కి తీసుకున్నారు. బుద్రి ఇంటికి వచ్చి తన చీర ఒకటి, దువ్వెన తీసుకుంది. ఏమైనా తిడుతుందేమో అని పొయ్యి దగ్గర నిలబడ్డాను. అది గుమ్మంలో ఆగి, "అత్తా, పక్కోళ్ళ కుండ ఇచ్చీమన్నారు" అని మాత్రం చెప్పింది. కుండ ఎరువు తెచ్చానని దానికి అప్పటికి తెలుసన్నమాట. నాకంటే ముందు దాని నాలుకకి అంతా తెలుసు. పెద్దల ముందు ఆ మాట ఎందుకు అనలేదు? నన్ను కాపాడిందా? అలా అనుకోవడం నాకు సుఖమా, శిక్షా? తెలియదు.

దాని వెనక రెండు అడుగులు కూడా వెయ్యలేదు.

ఆ వారమే కళాయి వేసేవాడిని పిలిచాను. కుంచెడు చోళ్ళు కొలిచి ఇచ్చాను. అప్పుడు దండగ అనిపించలేదు. ఆ బిందె ఇప్పటికీ ఉంది. పారెయ్యలేకపోయాను, మంచి బరువైన బిందె. మంచినీళ్ళు అందులోనే పోస్తాం.

ఇంకో ఏడాది కల్లు అమ్మాను. ప్రతిసారీ మొదటి దొప్ప తాగాను, జనం నా గొంతు చూసి తాగారు. తర్వాత మానేశాను. మోకాళ్ళ నొప్పి అన్నాను. కాఫీ తోటల్లో కూలికి వెళ్ళాను. ఇప్పటికీ ఎవరో ఒకరు అడుగుతారు, ఈ ఎండలకి ఏది తాగాలి పెద్దమ్మా అని. నీళ్ళు తాగమంటాను. ముసల్ది కఠినం అంటారు.

పదేళ్ళ కిందట ఒక అడ్డాకుల వర్తకుడు చింతూరు వైపు నుంచి వచ్చి మాటల్లో చెప్పాడు. అక్కడి సంతలో దొప్పలు కుట్టి అమ్మే మనిషి ఉందట. మన వైపు మాటే మాట్లాడుతుందట. కల్లు ముట్టదట. ఎవరు మంచినీళ్ళు ఇచ్చినా మొదటి గుక్క ఉమ్మి, కాసేపు ఆగి, అప్పుడు తాగుతుందట. "ఏటో ఎర్రితనం" అని నవ్వాడు. పేరు అడగలేదు నేను. అడిగితే వెళ్ళాల్సి వస్తుంది. దారి ఎంతో తెలుసుకున్నాను, వెళ్ళలేదు.

మొన్న మనవరాలు అడిగింది. "నానమ్మా, నీకు రుసి సూడ్డం బాగా తెలుసంట కదా. నాకు నేర్పవేటి?" పనికిమాలిన విద్య, పో అని కసిరాను. దాని ముఖం చిన్నబోయింది. బిందెలో నీళ్ళు ముంచుకుని తాగింది. గొంతు కదలడం చూస్తూ కూర్చున్నాను. ఆ పూటే ఈ కాగితాలు వెతుక్కున్నాను.

దీన్ని చదివి నువ్వు నన్ను ఏమనుకున్నా అనుకో. క్షమించమని అడగడం లేదు. క్షమించాల్సింది నువ్వు కాదు, ఆ మనిషి దగ్గరికి నేను వెళ్ళలేదు. ఆ రోజు పెద్దల ముందు చెప్పాల్సిన మాట ఒక్కటుంది. అది రాసేసి ఆపుతాను, కాగితం కూడా అయిపోవచ్చింది.

గుంట మందు పెట్టలేదు బాబూ. బిందె నాది. ఉమ్మమని నేర్పింది నేనే.