తాళం వేసే రోజు

కళ్లజోళ్ల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉన్న ఆ ట్రావెల్ ఆఫీసులో ఆమె అసలు పేరు చాలామందికి తెలియదు. పెట్టెల పెద్దమ్మ అంటే చాలు, కింద కళ్లజోళ్లాయన తల ఎత్తకుండానే మెట్లు చూపిస్తాడు. నిజానికి ఆమెకు నలభై ఎనిమిదేళ్లే. పెద్దమ్మ అనిపించుకునే వయసేమీ కాదు గాని, మొదటిసారి ఓడెక్కబోయేవాళ్ల మీద ఆమె చేసే పెత్తనానికి ఆ వరస చక్కగా అతికిపోయింది.

ఆమె పద్ధతి ఇది. విదేశం వెళ్లి అక్కడ క్రూయిజ్ ఓడ ఎక్కేవాళ్లు ఎవరైనా సరే, ప్రయాణానికి వారం ముందు, సర్దిన పెట్టె సర్దినట్టే ఆఫీసుకు మోసుకురావాలి. దాన్ని పొడవాటి బల్ల మీద పెట్టించి, తాళం తీయించి, ఒక్కో వస్తువే బయటికి తీస్తుంది. టికెట్టు చేతిలో పెట్టి చేతులు దులుపుకునే ఆఫీసులు ఊరినిండా ఉన్నాయి, ఇలా బనియన్లతో సహా తనిఖీ చేసే ఆఫీసు ఇదొక్కటే అని జనం నవ్వుకుంటారు. నవ్వుకుంటూనే పెట్టెలు మోసుకొస్తారు.

ఇంతా చేసి ఆమె ఒక్కసారీ ఓడెక్కింది లేదు. పడవ బొమ్మను తదేకంగా చూసినా కడుపులో తిప్పుతుందని తనే చెప్పి నవ్విస్తుంది. ఆమెకు తెలిసిందంతా తిరిగొచ్చినవాళ్లు చెప్పిందే. వెళ్లేవాళ్లకు జాగ్రత్తలు చెప్పడంతో ఆమె పని సగమే అయినట్టు. వాళ్లు తిరిగి వచ్చాక కూర్చోబెట్టి, "ఎక్కడ ఇబ్బంది పడ్డారో అది చెప్పండి, బాగున్నది తర్వాత చెబుదురు గాని" అంటుంది. విన్నదంతా పొడుగు పుస్తకంలోకి ఎక్కిస్తుంది. రేవులో కూలీలు పట్టుకెళ్లిన పెట్టె రాత్రి ఎనిమిదింటి దాకా గదికి రాక, బీపీ మాత్రలు అందులోనే ఉండిపోయి బిక్కచచ్చి కూర్చున్న పెద్దమనిషి ఆ పుస్తకంలో ఉన్నాడు. ఒక్కసారి మాత్రమే ప్రవేశించే వీసా తీసుకుని, ఓడ మధ్యలో పక్క దేశం చుట్టి వచ్చేసరికి మళ్లీ లోపలికి రానివ్వక, రేవులోనే గంటలకొద్దీ ఏడ్చిన పెళ్లికూతురూ ఉంది. చేతిగడియారం ఊరి టైము చూపిస్తుంటే, ఓడ తన టైము ప్రకారం వెళ్లిపోతున్నప్పుడు గట్టు మీద సంచులతో నిలబడి చూసిన అన్నదమ్ములూ ఉన్నారు.

ఆమె ఇచ్చే కాగితంలో అన్నిటికన్నా పైన, పెద్ద అక్షరాలతో ఒక మాట ఉంటుంది: 'తాళం వేసే రోజు.' విమానం తేదీ దాని కిందే, చిన్నగా ఉంటుంది. ఇల్లు తాళం వేసి బయటపడాల్సిన తేదీ, వారం, గంట ముందు తెలియాలి, మిగతావన్నీ తర్వాత అంటుంది. ఆ మాట ఎలా పుట్టిందని ఎవరైనా అడిగితే, "ఏదో, అనుభవం" అనేసి బల్ల సర్దుకుంటుంది.

ఆ శుక్రవారం పదకొండు గంటలకు మెట్ల మీద ఒక గొంతు ముందు వచ్చి, మనిషి తర్వాత వచ్చింది. బడిలో ముప్పై ఏళ్లు డ్రిల్లు టీచరుగా చేసి రిటైరైన గొంతు అది. ఆవిడ వెనక రెండు పెట్టెలూ మోస్తూ భర్త. ఆయన లిఫ్టుల మెకానిక్. ఊళ్లో సగం లిఫ్టులు ఆయన చేతిమీదుగా నడిచినవే గాని, ఇక్కడ లిఫ్టు లేకపోవడంతో రెండంతస్తులూ ఎక్కి ఆయాసపడుతున్నాడు. బుకింగంతా వాళ్ల మేనకోడలు చేసింది. అందుకని పెద్దమ్మ వాళ్ల ముఖాలు చూడటం అదే మొదటిసారి అని వాళ్లనుకున్నారు.

మొదటిసారి కాదు. పంతొమ్మిదేళ్ల కింద ఇవే ముఖాలు, ఇలాగే రెండు పెట్టెలతో, ఇంకో వీధిలో ఇంకో బోర్డు కింద ఉన్న ఆఫీసులోకి వచ్చాయి. అప్పుడు ఆమె వెనక బల్ల దగ్గర సన్నగా, కళ్లజోడు లేకుండా, ఉద్యోగంలో చేరి నాలుగు నెలలైన పిల్ల. వాళ్లు గుర్తుపట్టలేదు. గుర్తుపట్టకపోతే చాలు, ఈ గంట గడిచిపోతే చాలు అనుకుంది. అనుకున్నందుకు వెంటనే సిగ్గుపడింది కూడా.

"కూర్చోండి పిన్నిగారూ, కూర్చోండి బాబాయిగారూ" అని మొదటి పెట్టె తాళం తీయించింది. పైనే ఇస్త్రీ పెట్టె.

"ఇది ఓడలోకి రానివ్వరు పిన్నిగారూ. నిప్పు భయం. అడుగున ఉన్న ఆ పొడుగు వైరు బోర్డు కూడా అంతే."

"మడత నలిగిన బట్టలతో దేశం కాని దేశంలో తిరగమంటావా?"

"మడత పెట్టకుండా చుట్టండి, నలగదు. అవసరమైతే ఓడలో ఇస్త్రీ చేసేవాళ్లుంటారు." ఆమె మందుల డబ్బా తీసి పక్కన పెట్టింది. "ఇవన్నీ చేతిసంచిలోకి రావాలి. పాస్‌పోర్టులు, వీసా, బీమా కాగితం, ఒక జత బట్టలు, ఇవీ అందులోనే. పెద్ద పెట్టెలు రేవులోనే తీసుకుంటారు, మళ్లీ రాత్రికి గాని కనబడవు. డాక్టరు చీటీ నకలు ఒకటి పెట్టుకోండి. కడుపు తిప్పుడు మాత్ర తిప్పడం మొదలయ్యాక వేసుకుంటే ఏం లాభం లేదు, ముందే వేసుకోవాలి. ఏది పడుతుందో మీ డాక్టర్నే అడగండి."

"గది ఎక్కడిచ్చారు?" అని మెకానిక్ గారు మెల్లగా అడిగాడు.

"కింది అంతస్తులో, నడి మధ్యన బాబాయిగారూ. అక్కడ ఊపు తక్కువ."

"అవును, తూగే దేనికైనా నడుమే నిలకడ" అని ఆయన సంబరంగా ముందుకు వంగి, బల్ల మీద ఉన్న ఓడ పటం అందుకోబోయాడు. టీచరమ్మ చెయ్యి ఆయన చెయ్యి కన్నా ముందు వెళ్లింది.

"మీకెందుకండీ కాగితాలు, ఇటివ్వండి."

ఆయన చెయ్యి వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నాడు. అలవాటైన పనిలా, ఏమాత్రం నొచ్చుకోకుండా తీసుకున్నాడు. పెద్దమ్మ అది చూసింది. తర్వాత బీమా కాగితం దగ్గరా అంతే జరిగింది. వీసా దగ్గరా అంతే.

"ఏమనుకోకమ్మాయ్" అని టీచరమ్మ నవ్వుతూ అంది. "ఈయన చేతికి కాగితం ఇవ్వకూడదని మా ఇంట్లో రూలు. బ్యాంకు ఫారమైనా, శుభలేఖైనా నేనే చదవాలి. మా వైపు పిల్లలందరూ ఈయన్ని ఏమని పిలుస్తారో తెలుసా? తారీఖు మావయ్య. ఎందుకో చెప్తాను విను."

పెద్దమ్మ వినక్కర్లేదు. అయినా వింది.

టీచరమ్మ వందసార్లు చెప్పి నునుపు తేలిన కథలా చెప్పింది. ఇద్దరూ ఆరేళ్లు కూడబెట్టుకుని ఓడ ప్రయాణం పెట్టుకున్నారు. విమానం పధ్నాలుగో తేదీ, సున్నా గంటల ముప్పై నిమిషాలకు. అంటే పదమూడో తేదీ రాత్రి పదింటికే విమానాశ్రయంలో ఉండాలి. వీళ్లు పధ్నాలుగో తేదీ రాత్రి పదింటికి, దండిగా నవ్వుకుంటూ దిగారు. విమానం ఎగిరిపోయి అప్పటికి ఒక రోజు కావస్తోంది. మర్నాటి విమానంలో చోటు దొరికినా, అవతల ఓడ వెళ్లిపోయాక చేరతారు.

"ఆఫీసువాడు టికెట్టు తీసి ముఖాన పెట్టాడు. తేదీ, గంట, అన్నీ సరిగ్గా ఉన్నాయి. చదువుకున్న మనిషి, ఇంత పెద్ద అంకెలు చూసుకోలేకపోయాడమ్మా."

మెకానిక్ గారు కూడా నవ్వాడు. కథ ఈ చోటికి వచ్చినప్పుడు నవ్వాలని ఆయనకు తెలుసు.

టీచరమ్మ చెప్పనిది ఒకటుంది. ఆ ఫోను. ప్రయాణానికి మూడు రోజుల ముందు వెనక బల్ల దగ్గరి పిల్ల ఆయనకు ఫోన్ చేసి, "పధ్నాలుగో తేదీ రాత్రి పన్నెండున్నరకి విమానం బాబాయిగారూ, పదింటికల్లా వచ్చెయ్యండి" అంది. గడియారానికి రోజు అర్ధరాత్రి మారుతుంది. మన నోటికి మాత్రం తెల్లారితేనే మారుతుంది. పధ్నాలుగో తేదీ రాత్రి అంటే, పధ్నాలుగున లేచి, పగలంతా గడిపాక వచ్చే రాత్రే ఎవరికైనా. ఆయన విన్నది విన్నట్టు చేశాడు. తర్వాత యజమాని ఆ పిల్లను పిలిచి, ఫోన్లో ఏం చెప్పావని అడిగితే, "టికెట్టులో ఉన్నదే చెప్పాను" అంది. అక్షరాలా చూస్తే అబద్ధం కాదు. ఉద్యోగం నిలిచింది. అప్పటినుంచి అర్ధరాత్రి విమానాలకు ఆమె రాత్రి అనే మాట వాడలేదు. పెట్టెలు తెరవడం కూడా ఆ భయంలోంచి వచ్చిందే. అంత జాగ్రత్త పడితే పాత లెక్క సరిపోతుందనుకుంది. ఇన్నేళ్లూ ఆమె భయపడింది తన పేరు పోతుందేమోనని. ఒక ఇంట్లో ఒక మనిషి తన వల్ల రోజూ నవ్వులపాలవుతున్నాడని ఒక్కనాడూ తోచలేదు.

ఇప్పుడు కూడా నోరు మూసుకోవచ్చు. వారం పోతే వీళ్లు హాయిగా ఓడెక్కుతారు, తిరిగొచ్చి పది మందిని పంపుతారు. చెప్తే ఈ పెట్టెలు మూసుకుని లేచిపోవచ్చు. కింద కళ్లజోళ్లాయన దగ్గర్నుంచి వీధి చివరిదాకా మాట పాకవచ్చు. పొరపాటంటే తెలియని పెద్దమ్మ అన్న పేరు ఈ ఒక్క పూటతో సరి.

టీచరమ్మ చేతిలోకి చివరి కాగితం వెళ్లింది. ఆవిడ పై మాట పైకే చదివింది. "తాళం వేసే రోజు, ఆరో తేదీ, శుక్రవారం, సాయంత్రం ఏడు. ఓడ ఎక్కే రోజుకు ఒక రోజు ముందే రేవు ఊరు చేరాలి." చదివి, కాగితాన్ని వేలితో మెచ్చుకోలుగా కొట్టింది. "ఇలా అరటిపండు ఒలిచినట్టు చెప్పే మనిషి ఆనాడు ఒక్కరున్నా, ఈయన కూడా తప్పు చేసేవాడు కాదు అమ్మాయ్."

పెద్దమ్మ బల్ల మీది చీర మడతను ఒకసారి సర్ది, చేతులు తీసేసింది.

"బాబాయిగారు తప్పు చెయ్యలేదు పిన్నిగారూ. ఆనాడు ఫోన్ చేసి పధ్నాలుగో తేదీ రాత్రి అని చెప్పింది నేనే. నేను ఎలా చెప్పానో ఆయన అలాగే వచ్చారు. మీరు ఆఫీసుకి వచ్చిన రోజున వెనక బల్ల దగ్గరే ఉన్నాను. ఉద్యోగం పోతుందని నోరు మెదపలేదు."

టీచరమ్మ ముందు పెద్దమ్మ వైపు చూసింది, తర్వాత భర్త వైపు తిరిగింది. ఆవిడ గొంతు అంత చిన్నగా రాగలదని మెట్ల మీద విన్నవాళ్లు ఎవరూ నమ్మరు.

"ఈ సంగతి మీరు నాకు చెప్పారా?"

"చెప్పాను" అన్నాడు ఆయన. "ఆ పిల్ల రాత్రి అనే చెప్పిందే అన్నాను. మూడుసార్లు చెప్పాను. మూడోసారి నువ్వు తలుపేసుకుని ఏడ్చావు. ఇంక ఎందుకులే అని మానేశాను."

"నేను నమ్మలేదు."

"టికెట్టు మీద సరిగ్గానే ఉంది కదా. నాకే కొన్నాళ్లకి అనుమానం వచ్చింది, నేనే తప్పు విన్నానేమోనని."

పెద్దమ్మకు ఏడుపొచ్చింది. ఆయన తిట్టి ఉంటే ఓర్చుకునేది. తన చెవినే తను నమ్మలేని స్థితికి ఒక మంచి మనిషిని తెచ్చానన్నది మాత్రం మింగుడుపడలేదు. "మీరు వేరే ఆఫీసుకి వెళ్తానంటే కాగితాలన్నీ నేనే మార్పించి ఇస్తాను పిన్నిగారూ" అంది.

"ఓడ సంగతి తర్వాత" అంది టీచరమ్మ. కళ్లు తుడుచుకుని, డ్రిల్లులో పిల్లల్ని వరసలో నిలబెట్టేటప్పటిలా నడుం నిటారుగా చేసి కూర్చుంది. "మేము బయల్దేరే లోపల నువ్వు మా ఇంటికి రావాలి. మేనకోడళ్లు, మేనల్లుళ్లు, అందర్నీ పిలుస్తాను. ఇప్పుడు నాకు చెప్పినట్టే వాళ్లందరి ముందూ చెప్పాలి. నీ తర్వాత నేను కూడా చెప్పాలి."

"అంత అవసరమా? ఆ పిల్లని ఎందుకు ఇబ్బంది పెట్టడం?" అన్నాడు మెకానిక్ గారు.

"వస్తాను బాబాయిగారూ" అంది పెద్దమ్మ. పదిమందిలో నిలబడి ఆ మాట చెప్పడం తలుచుకుంటేనే ఆమెకు భయమేసింది. అయినా వెళ్లకుండా ఉండలేనని తెలుసు.

"అయితే ఆదివారం..." అని మొదలుపెట్టిన టీచరమ్మ మధ్యలో ఆగిపోయింది. ఒక్క క్షణం పెదవి కొరుక్కుని, భర్త వైపు తిరిగింది. "ఎప్పుడు పిలుద్దామో మీరు చెప్పండి. మీరు ఎప్పుడంటే అప్పుడే."

ఆయన నోరు తెరిచాడు. టీచరమ్మ ఈసారి అందుకోకుండా ఎదురుచూస్తోంది. పెద్దమ్మ కలం పట్టుకుని ఎదురుచూస్తోంది. తన ఇంట్లో ఒక రోజును తను నిర్ణయించి పంతొమ్మిదేళ్లయిన ఆ మనిషి, ఒకసారి వేళ్ల మీద లెక్కపెట్టుకుని, మళ్లీ మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు.