అమ్మ పేరు మీద నా స్కానింగు

నాకు పదకొండేళ్ళప్పుడు పొత్తికడుపులో నొప్పి మొదలైంది. ఎనిమిది నెలల్లో దానికి మా ఇంట్లో పెట్టని పేరు లేదు. ముందు నులిపురుగులన్నారు. తర్వాత పచ్చి మామిడికాయలన్నారు. లెక్కల పరీక్ష రోజున వచ్చేసరికి నాటకం అన్నారు. పాస్టరుగారు తలకి నూనె రాసి ప్రార్థన చేశారు. ఆయన మీద గౌరవంతో కాబోలు, నొప్పి రెండు రోజులు ఆగి మళ్ళీ వచ్చింది.

"ఆడదానికి కడుపునొప్పి మామూలేనే. మీ అమ్మకి లేదూ? నోరు మూసుకుని పని చేసుకోవట్లా?" అనేది నాయనమ్మ.

నిజమే, అమ్మకీ ఉండేది. పొయ్యి దగ్గర ఉన్నట్టుండి ఒక చేత్తో పొట్ట నొక్కుకుని, రెండో చేత్తో కూర కలిపేది. అదీ వంటలో భాగమే అనుకునేదాన్ని.

చివరికి బళ్ళో కళ్ళు తిరిగి పడిపోతే నాన్న నన్ను బందరు తీసుకెళ్ళాడు. అక్కడి డాక్టరుగారు పొట్ట నొక్కి చూసి, స్కానింగు తీయించమని చీటీ రాశారు. ఆ చీటీ ఇంటికి రాగానే నాయనమ్మ గుండెలు బాదుకుంది.

"పెళ్ళి కావాల్సిన పిల్లకి స్కానింగేవిట్రా? అది కడుపుతో ఉన్నవాళ్ళకి కదా! బందరంతా మనవాళ్ళే. ఎవరి కంటనైనా పడితే సంఘంలో తలెత్తుకోగలమా?"

నా పొట్టలో ఏముందోనన్న భయం ఎవరికీ ఉన్నట్టు లేదు. ఊళ్ళో ఏమంటారోనన్న భయం మాత్రం ఇంటిల్లిపాదికీ పట్టుకుంది. మమ్మల్నెరిగిన వాళ్ళెవరూ లేని గుడివాడలో తీయించాలని తీర్మానం చేశారు.

మూత్రసంచి నిండుగా ఉంటేనే మిషన్లో లోపలిది కనపడుతుందట. లీటరు నీళ్ళు తాగి, ఒంటికి వెళ్ళకుండా ఆపుకోవాలి. పామర్రులో బస్సు మారేటప్పుడు అమ్మ సీసాలు పట్టుకుని దగ్గరుండి తాగించింది. అక్కణ్ణించి గుడివాడ దాకా రోడ్డు మీదున్న ప్రతి గొయ్యీ నాకు ఇప్పటికీ గుర్తే.

స్కానింగు సెంటర్లో కౌంటరు దగ్గరమ్మాయి, "పేషెంటు పేరండి?" అంది. అమ్మ అటూ ఇటూ చూసి తన పేరు చెప్పింది. వయసడిగితే ముప్పై మూడంది. అబద్ధమాడితే నా వీపు విమానం మోత మోగించే అమ్మ!

వెనక్కి తిరిగేసరికి ఎదురుగా బల్ల మీద మా ఊరి పాస్టరమ్మగారు. పక్కన కాలేజీలో చదివే వాళ్ళమ్మాయి, తల మీద నుంచి చున్నీ కప్పుకుని.

"వందనాలండి," అంది అమ్మ.

"వందనాలమ్మా. ఇలా వచ్చారేంటి?"

"గ్యాసండి. నాకే. పిల్లని తోడు తెచ్చుకున్నా. మీరో?"

"నాకూ గ్యాసేనమ్మా. ఇదీ తోడొచ్చింది."

మా దివిసీమలో గ్యాసు పట్టినవాళ్ళంతా గుడివాడలో తేలారన్నమాట. పేషెంట్లిద్దరూ తీరిగ్గా కూర్చుని చర్చి కబుర్లు చెప్పుకుంటున్నారు. తోడొచ్చిన ఇద్దరమూ కాళ్ళు మెలేసుకుని, పెదాలు కొరుక్కుంటూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకుంటున్నాం.

అమ్మ పేరు పిలిచారు. లోపల డాక్టరమ్మగారు కాగితం చూసి, "పడుకోండమ్మా," అంది అమ్మతో. అమ్మ వెళ్ళి తలుపు దగ్గరగా వేసొచ్చి, "నాకు కాదండి, పాపకి," అంది. డాక్టరమ్మగారు నిట్టూర్చింది. ఇలాంటివాళ్ళని రోజూ చూస్తుంది కాబోలు.

పొట్ట మీద చల్లటి జెల్లీ రాసి, చిన్న ఇస్త్రీపెట్టె లాంటిది నెమ్మదిగా జరిపింది. నొప్పేం లేదు. ఒకచోట ఆవిడ చెయ్యి ఆగింది.

"ఎన్నాళ్ళ నుంచి నొప్పి?"

"ఎనిమిది నెలలు," అన్నాను, అమ్మ నోరు తెరిచేలోపు.

"అండాశయం మీద నీటితిత్తి ఉంది, నిమ్మకాయంత. మెలి తిరిగితే ప్రమాదం, ఆలస్యం చెయ్యకండి. ఇన్నాళ్ళు ఎలా ఓర్చుకున్నావమ్మా?"

భోరున ఏడ్చేశాను. ప్రమాదమన్నందుకు కాదు. నా నొప్పి ఒకరికి కనపడింది, అదీ నిమ్మకాయంత.

"రిపోర్టు మీద పాప పేరు రాయించుకోండి," అంది డాక్టరమ్మగారు. అమ్మ తలూపింది. కానీ కౌంటరు దగ్గర పాస్టరమ్మగారు నిలబడి ఉన్నారు. అమ్మ కవరు అలాగే తీసుకుంది.

మర్నాడు బందరు డాక్టరుగారు రిపోర్టు చూసి, అమ్మని చూసి, "ముప్పై మూడేళ్ళావిడకి గర్భసంచి ఇంత చిన్నదేంటండీ? ఈ కాగితం పట్టుకుని పిల్లకి ఆపరేషన్ చెయ్యమంటారా?" అని కేకలేశారు. మళ్ళీ లీటరు నీళ్ళు. ఈసారి బందర్లోనే, నా పేరు మీదే, మా సంఘంవాళ్ళు నలుగురు చూస్తుండగానే. వాళ్ళు పాపకెలా ఉందని అడిగారు, అంతే. ఆ వారమే ఆపరేషనయింది. నా నొప్పి పోయింది. సంఘంలో మా తలలు ఎక్కడివక్కడే ఉన్నాయి.

అమ్మ నొప్పి మాత్రం పొయ్యి దగ్గరే ఉండిపోయింది. ఎప్పుడడిగినా, "గ్యాసులేవే," అనేది.

అమ్మ పోయాక బీరువా సర్దుతుంటే ఆ గుడివాడ కవరు దొరికింది. పైన అమ్మ పేరు, అమ్మ వయసు. జీవితం మొత్తంలో మా అమ్మ పేరు మీద తీసిన స్కానింగు అదొక్కటే, అందులో ఉన్న పొట్ట నాది. ఎనిమిది నెలలు నన్నెవరూ నమ్మలేదని ఇంత రాశాను గానీ, ఆ గ్యాసుని నేను ఏళ్ళ తరబడి నమ్మాను.