మామయ్య మాట, నాన్న నోట

మా మామయ్య కళ్లజోళ్లు చేసేవాడు. అమ్మకు తమ్ముడు. మార్కెట్ వీధిలో మెట్ల కింద సందులాంటి గది ఆయన షాపు. ఇద్దరు ఒకేసారి లోపలికి వస్తే ఒకరు ఊపిరి బిగపట్టుకోవాలి. గోడకు అక్షరాల చార్టు, బల్ల మీద అద్దాల అంచులు అరగదీసే చక్రం, ఆవగింజల్లాంటి మరలు పోసుకున్న సీసా మూత. ఆ మరలు ఎగిరిపోతే ఇక దొరకవని, తుమ్ము వస్తే వీధిలోకి పరుగెత్తి తుమ్మి వచ్చేవాడు. పక్క షాపులవాళ్లకు అదొక కాలక్షేపం.

కంటి పరీక్షలో అద్దం మార్చి మార్చి "ఇలా బాగుందా, అలా బాగుందా?" అని అడిగేవాడు. "రెండూ ఒకలాగే ఉన్నాయండీ" అన్నవాళ్లంటే ఆయనకు ఒళ్లు మంట. సరిగ్గా చూడకుండా మర్యాదకు చెప్పే మాట అది అనేవాడు. దేవుడి విషయంలోనూ అంతే. "నాకంత నమ్మకం లేదు", "ఏమో, ఎవరికి తెలుసు" అనేవాళ్లంతా ఆయన దృష్టిలో 'రెండూ ఒకలాగే' కస్టమర్లు. ఆయన మాత్రం 'నమ్మను' అనేవాడు కాదు. 'లేడు' అనేవాడు. పెళ్లికి ముందు అత్తయ్యతో మొట్టమొదట అన్న మాట కూడా అదేనట. "సరే, కాఫీలో చక్కెర ఎంత వెయ్యమంటారు?" అందట అత్తయ్య.

వాళ్ల పాప ఏడాది నిండకుండానే జ్వరంతో పోయింది. ఆ కోపంతోనే ఇలా మాట్లాడుతున్నాడని బంధువులు సర్దిచెప్పుకునేవారు. మామయ్యకు అన్నిటికన్నా అవమానంగా తోచింది ఆ సర్దుబాటే. "కోప్పడాలంటే ఎదురుగా ఒకరుండాలి. నాకు ఎవరి మీదా కోపం లేదు. పాప పోకముందు కూడా ఇదే అన్నాను" అనేవాడు.

ఆయనకు ఎదురు నిలిచేది మా నాన్న. కాలేజీలో తర్కం చెప్పేవాడు. పొద్దున ప్రార్థన కాకుండా మంచినీళ్లు కూడా ముట్టడు. వాదనకు నాన్న దగ్గర ఒక నియమం ఉండేది. ఎదుటివాడి మాటను ముందు నువ్వు చెప్పాలి. వాడు విని, 'అవును, నేననేది ఇదే' అని తల ఊపాలి. అప్పుడే నీ జవాబు. పాతకాలపు పండితులు అలాగే వాదించేవారని, దాన్నే పూర్వపక్షం అంటారని చెప్పేవాడు. ఇంట్లోనూ అదే పద్ధతి. అమ్మ "కర్టెన్లు దించండి, ఉతకాలి" అంటే, "అంటే నీ ఉద్దేశం, కర్టెన్లు మాసిపోయాయి, మాసినవి ఉతకదగ్గవి..." అని మొదలుపెట్టేవాడు. ఈలోగా అమ్మ కుర్చీ ఎక్కి తనే దించేసేది.

ఆదివారం సాయంత్రం షాపు మూశాక మామయ్య మా ఇంటికి వచ్చేవాడు. రావడం రావడమే నాన్న కళ్లజోడు లాక్కుని బిగించేవాడు. దాని ఎడమ కాడ ఎప్పుడూ వదులే. నాన్న మాట్లాడుతున్నంతసేపూ ముక్కు మీంచి జారడం, వేలితో పైకి తోసుకోవడం.

"దేవుడు లేడని చెప్పాలంటే విశ్వమంతా వెతికి వచ్చుండాలి కదరా?" అనేవాడు నాన్న.

"ఈ బల్ల మీద ఏనుగు లేదని చెప్పడానికి నేను ఊరంతా తిరగక్కర్లేదు బావా. ఉంటే తెలిసేది. ఉంటే ఉండాల్సిన గుర్తు లేకపోతే, లేనట్టే."

"ఏనుగు కనిపించే వస్తువు. ఆయన అలాంటివాడు కాడు."

"కనిపించడు, వినిపించడు, తూకానికి రాడు, చోటుకు కట్టుబడడు. ఒక్కొక్కటీ ఊడదీసుకుంటూ పోతున్నావు. ఫ్రేమూ లేదు, అద్దాలూ లేవు, కళ్లజోడు మాత్రం ఉందంటున్నావు. అక్కా, ఈయనకి ఇంకో కప్పు టీ పొయ్యి, జవాబు వస్తుందేమో."

ఒకసారి నాన్న ఆ 'లేడు' అన్న మాట వంశవృక్షమంతా చెప్పుకొచ్చాడు. మట్టి, నీరు, నిప్పు, గాలి కలిస్తేనే మనసు పుడుతుంది, గింజలు పులిస్తే మత్తు పుట్టినట్టు, మధ్యలో ఇంకెవరూ అక్కర్లేదు అన్నవాళ్లు చాలా పాతకాలంలోనే ఉన్నారు. వాళ్ల పుస్తకాలు మిగల్లేదు. వాళ్లను ఖండించినవాళ్లు, ఖండించే ముందు వాళ్ల మాట చెప్పాలి కాబట్టి, తమ పుస్తకాల్లో రాసిపెట్టారు. ఆ మాటలు అక్కడే బతికాయి. ఇంకో దేశంలో ఒక పూజారి బతికినన్నాళ్లూ జనం చేత ప్రార్థనలు చేయించి, లేడన్న మాట కాగితాల మీద రాసి దాచి, చచ్చాకే బయటపడేలా చేశాడు.

"అంటే మావాళ్లంతా మీవాళ్ల ఇళ్లలో అద్దెకున్నారన్నమాట" అన్నాడు మామయ్య.

"అద్దె కూడా లేకుండా."

"అదే అనుమానం బావా. వాళ్లు నిజంగా అలాగే అన్నారో, కొట్టిపారేయడానికి వీలుగా మీవాళ్లు కత్తిరించారో ఎవరు చూశారు? తల ఊపడానికి ఎవరూ మిగల్లేదుగా." కాసేపాగి మళ్లీ అన్నాడు: "ఇంకోటి చూశావా? లేడన్న ప్రతివాడికీ చచ్చాక ఒక కథ అల్లుతారు, ఆఖరి గడియలో మనసు మార్చుకున్నాడని. ఆ కథ చెప్పుకోడానికే వాడి చావు కోసం కాచుకుంటారేమో."

నాన్న నవ్వాడు. మామయ్య నవ్వలేదు.

తర్వాత మామయ్యకు గొంతులో గడ్డ లేచింది. ఆపరేషన్‌తో మాట పోతుందని డాక్టర్లు ముందే చెప్పారు. ముందురోజు నాన్నను మంచం దగ్గరికి పిలిచాడు.

"బావా, నా మాట మొత్తం వచ్చినవాడివి నువ్వొక్కడివే. మా ఆవిడ సగంలో వంటింట్లోకి పోతుంది. రేపు నేను పోతే మనవాళ్లు నన్ను మంచివాణ్ని చేసేస్తారు. లోపల్లోపల భక్తుడే అంటారు. అననివ్వకు. నా మాట నువ్వే చెప్పు. మెత్తబరచకు."

"నేనారా చెప్పేది? పొద్దున లేస్తే ప్రార్థన చేసుకునేవాణ్ని."

"అందుకే నిన్నడుగుతున్నా. నా ఫ్రెండెవడైనా చెబితే పొగిడాడంటారు."

ఆపరేషన్ అయ్యాక నాన్న రోజూ ఆసుపత్రికి వెళ్లి ఇద్దరి వాదనా తనే చేసేవాడు. ముందు మామయ్య మాట. అది సరిగ్గా రాకపోతే మామయ్య అడ్డంగా తల ఊపేవాడు. నాన్న మళ్లీ చెప్పేవాడు, కుదిరేదాకా. నాన్నది క్లాసురూము గొంతు, వార్డంతా వినిపించేది. తన జవాబుకు వచ్చేసరికి చూడ్డానికి వచ్చినవాళ్ల టైము అయిపోయేది. దాంతో ఏమైందంటే, దేవుడు లేడని రోగుల తలకాయలు తింటున్న పెద్దాయనగా నాన్నకు వార్డులో పేరొచ్చింది. నర్సు ఒకామె అమ్మను పక్కకు పిలిచి, "మీవారికి కాస్త మంచి మాటలు చెప్పండమ్మా, ఈ వయసులో ఇదేం బుద్ధి" అంది. అమ్మ ఇంటికొచ్చి నవ్వీ నవ్వీ, చివరికి ఏడ్చింది.

ఆఖరి రోజుల్లో ఒక మధ్యాహ్నం, నాన్న మాట్లాడుతుంటే కళ్లజోడు జారింది. మామయ్య చెయ్యి చాపాడు. నాన్న తీసి ఇచ్చాడు. అత్తయ్య దిండు కింద నుంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసిచ్చి మందులకని కిందకు వెళ్లింది. కళ్లజోడు లేకపోతే నాన్నకు ఎదురుగా ఉన్న మనిషి కూడా పొగమంచే. కాసేపటికి కళ్లజోడు చేతిలోకి వచ్చింది. పెట్టుకుని చూసేసరికి మామయ్య కళ్లు మూసుకుని పడుకున్నాడు. మళ్లీ పెద్దగా మేలుకోలేదు.

సంస్మరణకు ఒక చిన్న హాలు తీసుకున్నారు. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, ముందు బల్ల మీద ఫొటో. అమ్మ బాబాయి, మేం చిన్న తాతయ్య అంటాం, ముందుగా లేచాడు. ఆయన అబద్ధమాడే మనిషి కాడు.

"మీ అందరికీ ఒక చల్లని కబురు చెప్పాలి. వాడు ఆఖరిసారి మెలకువగా ఉన్న మధ్యాహ్నం నేను వార్డు గుమ్మం దాకా వెళ్లాను. పిల్లాడు రెండు చేతులూ దగ్గరికి చేర్చి, ముఖం పైకెత్తి, కళ్లు ఆర్పకుండా చూస్తున్నాడు. ప్రార్థన భంగమవుతుందని లోపలికి అడుగుపెట్టకుండా వెనక్కి వచ్చేశాను. ఆఖరికి మావాడు ఇల్లు చేరాడు." కుర్చీల్లో చాలామంది కళ్లు తుడుచుకున్నారు.

అత్తయ్య నాన్న వైపు చూసింది. "అన్నయ్యగారూ, మీరక్కడే ఉన్నారుగా. నిజమేనా?"

మా నాన్న ఎన్నేళ్లుగానో తన ప్రార్థనలో కోరుకున్నది అదే. 'ఏమోనమ్మా, అయ్యుండొచ్చు' అంటే చాలు. అబద్ధం కూడా కాదు, ఆయనకు కనబడలేదు మరి. అత్తయ్యకు ఊరట, తాతయ్యకు గౌరవం. నాన్న లేచి నిలబడ్డాడు.

"చిన్నమామయ్యగారు చూసింది చూసినట్టే చెప్పారు. ఆ చేతుల మధ్య నా కళ్లజోడుంది. మర బిగించాక దాన్ని లైటు కేసి ఎత్తి చూడటం వాడి అలవాటు. షాపుకి వచ్చిన మీ అందరికీ తెలుసు."

"నువ్వు చూశావా అల్లుడూ?" అన్నాడు తాతయ్య, దెబ్బతిన్నట్టు. "కళ్లజోడు లేకుండా నీకేం కనబడుతుంది? చూడకుండా ప్రార్థన కాదని ఎలా అంటావు?"

"నాకు కనబడలేదు, ఒప్పుకుంటా. కానీ ప్రార్థనయితే నా కళ్లజోడు వెళ్లినట్టే వదులుగా తిరిగి రావాలి. బిగిసి వచ్చింది. ఉంటే ఉండాల్సిన గుర్తు లేకపోతే, లేనట్టే." ఆ మాట ఎవరిదో అప్పుడు గుర్తొచ్చినట్టుంది, నాన్న ఒక్క క్షణం ఆగిపోయాడు. తర్వాత ఫొటో వైపు తిరిగాడు.

"వీడు నమ్మకం లేనివాడు కాడు. దేవుడు లేడన్నవాడు. కోపంతో అన్నది కాదు, పాప పోకముందే అన్నాడు. ఊడదీయగా ఊడదీయగా ఏమీ మిగలనిదాన్ని ఉందనడం తప్పన్నాడు. దయా, శక్తీ రెండూ నిండుగా ఉన్నవాడుంటే పిల్లల వార్డు ఉండదన్నాడు. మనసు మట్టిలోంచే వచ్చి మట్టిలోకే పోతుంది, అందుకని బతికున్న మనిషినే సరిగ్గా చూసుకోవాలన్నాడు. ఇది వాడి మాట."

చెప్పి, అలవాటు కొద్దీ, నాన్న ఆగాడు. ఆయన ఎవరి తల ఊపు కోసం చూస్తున్నాడో మా ఇంట్లోవాళ్లకు తెలుసు. ముందు వరసలో అత్తయ్య చీర చెంగుతో ముఖం తుడుచుకుని, నెమ్మదిగా తల ఊపింది.

"మరి మీ జవాబు?" వెనక నుంచి ఎవరో అడిగారు. "మీరు నమ్మేవారు కదా?"

"జవాబుంది" అన్నాడు నాన్న. "వాడి ముందు చెప్పాల్సింది."

కూర్చున్నాడు. కూర్చుంటూ వేలితో కళ్లజోడు పైకి తోసుకోబోయాడు. అది జారలేదు. వేలు ముక్కు మీద అలాగే కాసేపు ఉండిపోయింది.