ఖాళీ బస్సు

ఆవిడకు కన్నవాళ్లు పెట్టిన పేరు ఏదో ఉండే ఉంటుంది. ఆ రూట్లో బస్సెక్కేవాళ్లకు మాత్రం ఆవిడ దిగండమ్మ. బస్సు వంతెన దగ్గరికి రాగానే "దిగండమ్మా, దిగండి, దిగండి బాబూ" అని గొంతు చించుకోవడం ఆవిడ కండక్టరు ఉద్యోగంలో సగం. మిగతా సగం టికెట్లు కొట్టడం. మొదట్లో ఆ పేరు చెవిన పడితే మొహం గంటు పెట్టుకునేది. తర్వాత అదే అలవాటైపోయింది. ఇంట్లో మొగుడు సైతం పొద్దున్నే దుప్పటి లాగి, "దిగండమ్మగారూ, మంచం దిగండి" అని ఆటపట్టించేవాడు.

వంతెన సంగతి కూడా చెప్పుకోవాలి. ఇనుప దూలాల మీద నిలబడ్డ ముసలి వంతెన అది. ఏటికి ఈ పక్కన ఇళ్లు, ఆ పక్కన పెద్దాసుపత్రి, కాలేజీ, కార్ఖానాలు. ఒకప్పుడు పై ఆఫీసు నుంచి మనుషులు వచ్చి, స్తంభాలను సుత్తులతో తట్టి, తుప్పు గీకి చూసి పెదవి విరిచి వెళ్లారు. ఆ వెంటనే బరువు వాహనాలు వెళ్లకూడదని బోర్డు పడింది. లారీలను ఎక్కడో దూరాన ఉన్న బైపాసుకు మళ్లించారు. బస్సునూ అటే తిప్పితే కాసేపటి ప్రయాణం కాస్తా సగం పూట పడుతుందని జనం గోల పెట్టారు. అప్పుడు ఎవరో ఒక ఉపాయం చెప్పారు. వంతెన ఇవతల బస్సు ఆగాలి. అందరూ దిగి నడిచి అవతలికి చేరాలి. కండక్టరు అక్కడి నుంచి విజిల్ వేస్తే బస్సు ఖాళీగా మెల్లగా దాటి వచ్చి మళ్లీ అందరినీ ఎక్కించుకోవాలి. ఇదంతా తాత్కాలికమే, వంతెన బాగుచేసేదాకానే అన్నారు. ఆఫీసుల్లో తాత్కాలికం అన్న మాటకున్న ఆయుష్షు మనుషులకు ఉంటే ఎంత బాగుండేదో.

దిగండమ్మ ఆ పద్ధతిని కచ్చితంగానే నడిపించింది, తన అక్కకు ఒంట్లో బాగాలేకుండా పోయేదాకా.

అక్క అంటే దిగండమ్మకు పేరుకే అక్క, నిజానికి అమ్మే. కుట్టుమిషను తొక్కి చెల్లెల్ని చదివించింది, ఉద్యోగం వచ్చాక తొలిరోజు వేసుకున్న ఖాకీ జాకెట్టు కూడా తనే కుట్టింది. అలాంటి మనిషికి రెండు కిడ్నీలూ పాడైపోయాయి. వారానికి మూడుసార్లు ఆవలి ఆసుపత్రిలో డయాలసిస్. వెళ్లేటప్పుడు కాళ్లు నీరు పట్టి, నాలుగడుగులు వేస్తే ఆయాసం. వచ్చేటప్పుడు ఒంట్లో ఉన్న శక్తంతా ఎవరో తోడేసినట్టుంటుంది. అలాంటిదాన్ని ఆ పొడవాటి వంతెన మీద నడవమని దిగండమ్మ ఎలా అంటుంది? "నువ్వు కూర్చో అక్కా" అంది. డ్రైవరు అద్దంలో చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఒక్క మనిషి బరువుకు వంతెనేమీ కుంగిపోదు కదా అని ఇద్దరూ అనుకున్నారు.

కానీ బస్సన్నాక అందరికీ కళ్లుంటాయి. చేతికర్ర ముసలాయన మర్నాడే, ఆవిడకో రూలూ నాకో రూలా అని నిలదీశాడు. ఆయన్నీ కూర్చోబెట్టింది. తర్వాత ఒక నిండు చూలాలు. తర్వాత కవల పిల్లల్ని చెరో చంకన వేసుకున్న తల్లి. తర్వాత కాలు బెణికిందంటూ ఒక భారీ మనిషి. కాలు బెణికితే ఎవరికైనా కొన్నాళ్లలో తగ్గుతుంది, ఈయనకు మాత్రం చలికాలం పోయి ఎండలు ముదిరినా తగ్గలేదు. వానొస్తే గొడుగు లేని వాళ్లంతా జబ్బు మనుషులే. చివరికి ఖాళీగా దాటాల్సిన బస్సు సగం నిండుగా దాటుతోంది. దిగండమ్మ ఎవరినీ గట్టిగా దింపలేకపోయేది. మొదటి మినహాయింపు తన ఇంట్లోంచే వచ్చిందాయె. అవతల నిలబడి విజిల్ వేసి రెయిలింగు మీద చెయ్యి ఆనించినప్పుడల్లా ఆ ఇనుము అరచేతిలో వణికేది. ఆ వణుకు పెరుగుతోందని ఆవిడకు తెలుసు. పెరగడం లేదని తనకు తనే సర్దిచెప్పుకునేది.

అలా ఉండగా ఊరు రెండుగా చీలింది. పురపాలక సంఘం దగ్గర ఉన్న డబ్బు ఒక పనికే సరిపోతుంది. వంతెన తిరిగి కట్టడమో, మూలుగుతున్న పాత బస్సుల బదులు కొత్తవి కొనడమో, ఏదో ఒకటే. వంతెనకిస్తే కొన్నేళ్లపాటు బస్సులు సగానికి తగ్గుతాయి, ఈ రూటు మొట్టమొదట ఎగిరిపోతుంది. బస్సులకిస్తే వంతెనకు రంగు పూసి సరిపెడతారు. టీ కొట్లోనూ క్షౌరశాలలోనూ ఇదే రభస. దిగండమ్మ మొగుడు లేతు వర్క్‌షాపులో పనిచేస్తాడు, సరుకు లారీల్లో రావాలి కనుక వంతెన పక్షం. రాత్రి అన్నానికి కూర్చుంటూ, శత్రువుల ఇంట్లో తినొచ్చా లేదా అని అడిగేవాడు. నవ్వేవాళ్లు. పక్క మీదికి చేరాక మాత్రం ఆవిడకు ఆ నవ్వు నిలిచేది కాదు.

డబ్బు ఎటు పోవాలో తేల్చడానికి టౌన్‌హాల్లో బహిరంగ సభ పెట్టారు. ఎడమ వైపు వంతెన వాళ్లు, కుడి వైపు బస్సు వాళ్లు, మధ్యలో చోటు దొరకని వాళ్లు. ఫ్యాన్లు గాలి తక్కువ, చప్పుడు ఎక్కువ. ఛైర్మన్ ఎవరేం చెప్పినా అదీ నిజమే అనేవాడు. ఒక రిటైరైన మాస్టారు చేతికి మైకొచ్చేసరికి వంతెన కట్టిన నాటి సంగతుల దగ్గర మొదలుపెట్టాడు. ఆయన వర్తమానానికి వచ్చేలోగా సగం మంది బయటికెళ్లి టీ తాగొచ్చారు. బస్సు కార్మికుల సంఘం నాయకుడు మాత్రం నేరుగా విషయంలోకి దిగాడు. వంతెన మీద బస్సులు ఖాళీగా దాటుతుంటే ప్రమాదం ఎక్కడిదని అడిగాడు. ఖాళీ బస్సు మోసినన్నాళ్లు మోస్తుంది, ముందు జనానికి బస్సులివ్వండి అన్నాడు. హాలు సగం చప్పట్లతో మోగిపోయింది.

అప్పుడు కొత్తగా వచ్చిన ఇంజనీరమ్మాయి లేచింది. సన్నగా, కళ్లద్దాలతో, చెప్పేది ఎవరూ వినడం లేదని తెలిసినా ఓపిగ్గా చెప్పే రకం. బస్సు నిజంగా ఖాళీగా వెళ్తుంటే తను కూడా కొంతకాలం ఆగుతానంది. కానీ ఆ మాట కాగితాల్లో చదవడమే తప్ప తను చూడలేదంది. మూడో వరసలో ఖాకీ బట్టల్లో కూర్చున్న దిగండమ్మ వైపు తిరిగింది.

"మీరు రోజూ ఆ బస్సులోనే ఉంటారు కదండీ. మీరే చెప్పండి, వంతెన మీద ఖాళీగానే వెళ్తోందా?"

హాలంతా అటు తిరిగింది. పక్కనే కూర్చున్న డ్రైవరు కాళ్ల వంక చూసుకుంటున్నాడు. దిగండమ్మ లేచి నిలబడింది. నిజం చెబితే రేపే బస్సు ఆగిపోతుంది. బస్సు ఆగితే అక్క వారానికి మూడుసార్లు ఆ చుట్టు దారిలో కుదుపులు తింటూ వెళ్లాలి, లేదా వెళ్లడం మానుకోవాలి. మానుకుంటే ఏమవుతుందో డాక్టరు దాచకుండా చెప్పాడు.

"ఖాళీగానే వెళ్తుందండీ" అంది.

కుడి పక్క వాళ్లు ఈలలు వేశారు. ఇంజనీరమ్మాయి ఇంకో ప్రశ్న వేయలేదు. తల ఊపి, థాంక్సండీ అని కూర్చుంది. అనుమానించి ఉంటే దిగండమ్మకు కాస్త తేలిగ్గా ఉండేదేమో. ఆ పిల్ల నమ్మేసింది. ఛైర్మన్ ఈసారికి డబ్బు బస్సులకేనని ప్రకటించాడు. ఆ సాయంత్రం ఇంటింటా టీవీలో దిగండమ్మ మొహం కనిపించింది.

పడుకుంటే కునుకు పట్టలేదు. తెల్లారేసరికి ఒక్కటే తేల్చుకుంది. అన్న మాటను నిజం చేయాలి. ఇకమీద బస్సు నిజంగానే ఖాళీగా దాటాలి.

పొద్దున వంతెన దగ్గర అందరినీ దింపేసింది. చేతికర్ర ముసలాయన ఆవిడ వంశాన్నంతా తలుచుకుంటూ దిగాడు. కాలు బెణికిన మనిషి ఆ కంగారులో వేరే కాలు కుంటుతూ దిగాడు. బస్సులో అక్క ఒక్కతే మిగిలింది. దిగండమ్మ దగ్గరికి వెళ్లి నిలబడింది. అక్కే సీటు పట్టుకుని లేచింది.

"టీవీలో చూశాలేవే. ఖాళీగా వెళ్తుందన్నావు. నన్ను మనుషుల్లో లెక్కేయలేదా?"

నవ్వుతూనే అంది. ఆ నవ్వుకు దిగండమ్మ సిగ్గుతో చచ్చిపోయింది. అక్క చంక కింద చెయ్యి వేసి దింపింది.

మిగతావాళ్లు ముందు నడిచి ఎప్పుడో దాటేశారు. వీళ్లిద్దరూ సగం కూడా రాకముందే అక్క ఆయాసపడి, నడకదారి గట్టు మీద కూలబడింది. మనుషులుండగా బస్సు వంతెనెక్కకూడదని నియమం. అవతలి నుంచి జనం ఆఫీసులకు ఆలస్యమవుతోందని కేకలేస్తున్నారు. నాకోసం అంతమందిని ఆపకు, విజిల్ వెయ్యి అంది అక్క. దిగండమ్మ కాదనలేక వేసింది. ఆవిడ బతుకంతా అక్క మాట కాదనలేకపోవడమే.

బస్సు మెల్లగా వచ్చింది. లోపల డ్రైవరు తప్ప ఎవరూ లేరు. అది వాళ్లను దాటుతుంటే కింద ఎక్కడో ఇనుము మూలిగింది. అక్క కూర్చున్న గట్టు అదిరి, రెయిలింగు గడగడా కొట్టుకుంది. అక్క రెండు చేతులతో గట్టును గట్టిగా పట్టుకుంది. బస్సు వెళ్లిపోయాక కూడా వదల్లేదు.

"ఖాళీ బస్సుకే ఇంత ఊగుతోందా?"

దిగండమ్మ వంగి అక్క కొంగు సర్దింది.

"మరి మేమంతా కూర్చుని వెళ్లినప్పుడు? ఇన్నాళ్లూ నువ్వు నడిచి ముందే అవతలికి పోయేదానివి. నీకు తెలుసా ఇది?"

"తెలుసక్కా."

అక్క గట్టు మీది చేతులు తీసేసింది. తిట్టి ఉంటే బాగుండేది. "లేపు నన్ను" అంది, అంతే.

ఆసుపత్రికి చేరేసరికి అక్క మంచం ఇంకొకరికి ఇచ్చేశారు. మధ్యాహ్నం దాకా ఆగమన్నారు. చెల్లెలు వెళ్లబోతుంటే బెంచీ మీద ఒరిగి ఉన్న అక్క, ఆ ముసలాయనా ఆ చూలాలూ కూడా ఎవరో ఒకరి వాళ్లే కదే అంది. వెళ్లి చెప్పమని విడిగా చెప్పనక్కర్లేకపోయింది.

తిరుగు ట్రిప్పు కాగానే దిగండమ్మ భోజనం క్యారేజీ విప్పకుండానే ఇంజనీరమ్మాయి గదికి వెళ్లింది. నిలబడే చెప్పింది. నిన్న అబద్ధమాడానని, బస్సు చాన్నాళ్లుగా ఖాళీగా వెళ్లడం లేదని, సగానికి సగం జనంతో వెళ్లేదని, మొదట కూర్చోబెట్టింది తన అక్కనేనని. ఆ పిల్ల మొహం తెల్లబోయింది. కోప్పడటానికి కూడా ఆగకుండా ఫోన్లు మొదలుపెట్టింది.

పొద్దు వాలేలోగా వంతెనకు రెండు వైపులా తారు డబ్బాలు అడ్డం పెట్టి, వాటి మీద వాసాలు కట్టేశారు. నడిచేవాళ్లకు ఒక మనిషి దూరేంత సందు వదిలారు. బస్సు డిపోకు వెళ్లిపోవాలని ఆర్డరొచ్చింది. కార్మికుల సంఘం వాళ్లు దిగండమ్మ మొహం చూడటం మానేశారు. ఒకడు ద్రోహి అని వినపడేలాగే అన్నాడు. డ్రైవరు వంతెన ఇవతలే ఇంజను ఆపేసి, స్టీరింగు మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాడు. ఆయనకూ కోపం ఉండే ఉంటుంది. కానీ ఆయన అడిగింది వేరు.

"చెల్లెమ్మా, అక్క ఇంకా ఆవలే ఉంది కదా?"

చెప్పాలన్న తొందరలో ఆ మాటే మరిచింది. టికెట్ల సంచి ఆయన చేతిలో పెట్టి, సందులోంచి దూరి పరుగులాంటి నడకతో వంతెన దాటింది. ఆసుపత్రి గేటు దగ్గర ఆటో వాళ్లను అడిగితే, చుట్టు తిరిగి అంత దూరం రామని ఒకరి తర్వాత ఒకరు తల అడ్డంగా ఊపారు. అక్క డయాలసిస్ అయి, మొహం పాలిపోయి, బయటి మెట్ల మీద కూర్చుని ఉంది. బస్సు లేదని చెల్లెలు చెప్పాల్సిన అవసరం రాలేదు. చెప్పావా అని అక్కే అడిగింది. చెప్పానంది. మంచి పనంటూ చెయ్యి చాచింది.

వంతెన మీదికి వచ్చేసరికి ఎండ పూర్తిగా పోయింది. పని నుంచి ఇళ్లకు వెళ్లే జనం వాళ్లను దాటుకుంటూ పోతున్నారు. కొందరు దిగండమ్మను గుర్తుపట్టి గొణుక్కున్నారు. అక్క బరువంతా చెల్లెలి భుజం మీదే ఉంది. పది అడుగులు వేయడం, రెయిలింగుకు ఆనుకోవడం, మళ్లీ కదలడం. చెల్లెలు కళ్లు తుడుచుకుంటుంటే అక్క కసిరింది.

"తొందర దేనికి, మెల్లగా పోదాం. వెనకనుంచి ఏ బస్సూ రాదులే."

ఎల్లుండి మళ్లీ డయాలసిస్ ఉంది. ఎలా వెళ్లాలో ఇద్దరికీ తెలియదు. ఇల్లు చేరేదాకా ఇద్దరిలో ఎవరూ ఆ మాట ఎత్తలేదు.